మడత సామాను మహిమ

మనిషిని ఉద్ధరించేది చదువూ కాదు, సంస్కారమూ కాదు. మడత సామాను!

నవ్వకండి. చాలాకాలం చూసి, ఆలోచించి, ఒక నిర్ణయానికి వచ్చాకే ఈ మాట రాస్తున్నాను. పిడికిట్లో పట్టే బకెట్టు, చంకలో పట్టే కుర్చీ, అగ్గిపెట్టెంత స్టవ్... ఇవేవీ లేని రోజుల్లో మనుషులు ఎలా బతికారో తలచుకుంటే జాలేస్తుంది. పాపం, వాళ్ళ బకెట్టు ఎప్పుడు చూసినా బకెట్టంతే ఉండేది! కుర్చీలో కూర్చుంటే, లేచేదాకా అది కుర్చీలాగే ఉండేది!

నేను చదివిన బడిలో అయిదు తరగతులనూ ఒకే గదిలో సర్దేవారు. అప్పట్లో దాన్ని లేమి అన్నారు. ఇప్పుడైతే దాన్నే కాంపాక్ట్ అంటారు. చవగ్గా వస్తుందంటే వరసలో నిలబడి మరీ కొంటారు.

ఈ జ్ఞానం నాకు మా బావ దయవల్ల అబ్బింది. బావంటే మా అక్క భర్త. పార్సెల్ ఆఫీసులో సూపర్‌వైజరు. పెట్టెలో ఎక్కడైనా ఖాళీ కనిపిస్తే ఆయనకు ప్రాణం ఊరుకోదు. ఇంట్లో కూడా గిన్నెలో గిన్నె, ఆ గిన్నెలో గ్లాసు, ఆ గ్లాసులో చెంచాలు దూర్చితేగానీ నిద్రపట్టదు. పొద్దున్నే టీలో పంచదార కలపాలంటే అక్క ఆ సంసారమంతా విప్పుకోవాలి.

ఈ బావకు సెలవు దొరికితే గుహల్లోకి దిగే సరదా. అందుకో క్లబ్బు ఉంది. దాని లీడరు పళ్ళ డాక్టరు. వారమంతా చిన్న చిన్న గుహల్లోకి లైటు వేసి చూసి, సెలవు రోజున పెద్ద గుహలోకి లైటు వేసి చూస్తారాయన. మనిషన్నాక ఎదుగుదల ఉండాలి కదా!

ఇక మా అక్క. బస్ స్టేషన్లో టికెట్ల కౌంటరు ఆమెది. ఎదురుగా అద్దం, అద్దానికో కన్నం, ఆ కన్నంలోంచి ఎక్కడెక్కడికో పోయేవాళ్ళ చేతులు. రోజంతా అందరినీ పంపించి, సాయంత్రం ఇంటికి వచ్చి గిన్నెలు విప్పుతుంది. ఆమెకు పెళ్ళయిన దగ్గర్నుంచీ ఒకటే కోరిక. ఆ గుహ లోపల ఏముందో ఒక్కసారి చూడాలని.

వెళ్ళలేదని కాదు. ప్రతిసారీ వెళ్ళేది, గుహ ముంగిలి దాకా. అక్కడ ఫ్లాస్కు పట్టుకుని కూర్చునేది. ఒకసారి హెల్మెట్ తక్కువైంది. ఒకసారి తాడు తక్కువైంది. ఒకసారి ఏదీ తక్కువ కాలేదు. అప్పుడు బావ, “మరి ఫ్లాస్కు ఎవరు చూస్తారే?” అన్నాడు.

నిజమే కదా! దానికి కాళ్ళొచ్చి వెళ్ళిపోతే?

మొన్నటి సెలవులకు డాక్టరుగారు గుహలో ఒక రాత్రి బస పెట్టారు. లోపల పెద్ద హాలు ఉందట. అక్కడికి చేరాలంటే ఒకచోట బోర్లా పడుకుని, సంచిని ముందుకు తోసుకుంటూ పాకాలి. అందుకని మనిషికి ఒక్క సంచే. అందులో స్లీపింగ్ బ్యాగు, వెచ్చటి బట్టలు, తిండి ఉండాలి. ఇవి కాక మనిషికి మూడు లైట్లు. ఇంట్లోవాళ్ళను కూడా తీసుకురావచ్చు అన్నారు.

“ఈసారి నేనూ లోపలికి వస్తాను,” అంది అక్క.

“రా. వద్దన్నానా? కానీ సర్దడం మాత్రం నేనే,” అన్నాడు బావ.

ఆ రోజునుంచి ఇంటికి పొట్లాలు రావడం మొదలైంది. అయ్యలారా, అమ్మలారా, ఏమని వర్ణించను! గుండీ అంత తువ్వాలు వచ్చింది. నీళ్ళలో వేస్తే విచ్చుకుంటుంది. తుడుచుకోవాలంటే మాత్రం ముందు దాన్ని ఆరబెట్టుకోవాలి. ఊదుకునే దిండు వచ్చింది. ఊదేసరికి మనిషికి ఎలాగూ సొమ్మసిల్లి నిద్ర వస్తుంది, ఇక దిండుతో పని లేదు. మడతపెట్టే సూపు గిన్నె వచ్చింది. అది ఎంత బుద్ధిమంతురాలంటే, సూపు ఉండగానే దానంతటదే మడతపడుతుంది. పళ్ళు తోముకునే బ్రష్షుకు పిడి వృథా అని బావ దాన్ని రంపంతో కోసేశాడు. ఇప్పుడు దవడ పళ్ళు తోముకోవాలంటే మణికట్టు దాకా నోట్లో పెట్టుకోవాలి. పళ్ళ డాక్టరుకు చెప్పొద్దని నా దగ్గర మాట కూడా తీసుకున్నాడు.

టెంటు కూడా వచ్చింది.

“గుహకు పైకప్పు ఉంటుంది కదా బావా?” అన్నాను. నేను మాట్లాడేదే తక్కువ. అది కూడా వృథా అవుతుంది.

“ఉంటే ఉండనీ మరదలా. చిన్నదేగా!”

చిన్నదేగా! ఈ ఒక్క మాటలో ఎంత తత్వం ఉందో చూశారా? చిన్నది కాబట్టి కొనాలి. చవక కాబట్టి రెండు కొనాలి. రెండూ చిన్నవే కాబట్టి రెండూ మోయాలి. పెద్ద వస్తువుతో ఇదే చిక్కు. అది కావాలా వద్దా అని మనిషి ఒక నిమిషం ఆలోచిస్తాడు. చిన్న వస్తువు ఆ శ్రమ పెట్టదు.

ప్రయాణానికి ముందు రోజు బావ రెండు సంచులూ సర్దాడు. పట్టీలతో బిగించే రకం సంచులవి. స్లీపింగ్ బ్యాగును అందులో కుక్కి, మోకాలితో తొక్కి, పట్టీని పళ్ళతో పట్టుకుని లాగి, గాలి చుక్క లేకుండా చేశాడు. ఆయన ముఖం కూడా అలాగే తయారైంది. అక్క సంచి దగ్గరికి వచ్చేసరికి పైన మూడు టార్చిలైట్లు కనిపించాయి. మామూలువి, లావుగా ఉన్నవి.

“ఇవెందుకే?”

“మనిషికి మూడు అన్నారుగా డాక్టరుగారు.”

“అయ్యో పిచ్చిదానా! ఇది చూడు. బొటనవేలంత ఉంది. తెల్లగా వెలుగుతుంది, ఎర్రగా వెలుగుతుంది, మిణుకుమిణుకుమంటుంది. మూడూ ఒకదాంట్లోనే! నాకొకటి, నీకొకటి.”

మూడు టార్చీలూ అల్మరాలోకి వెళ్ళాయి. ఆ ఖాళీలో మడత బకెట్టు కూర్చుంది.

గుహలోకి బకెట్టు ఎందుకని అడుగుతారా? మీకింకా జ్ఞానోదయం కాలేదన్నమాట. మొదటినుంచీ చదవండి.

మర్నాడు పొద్దున్నే గుహ ముంగిట జీపులు ఆగాయి. లోపలికి వెళ్ళేవాళ్ళు చెప్పిన వేళకు రాకపోతే కబురు చెయ్యడానికి బయట ఒకరు ఉండాలి. నోరు లేనిదాన్ని కాబట్టి ఆ పని నాకిచ్చారు. ఇక అందరూ దూరిపోవడమే తరువాయి అనుకుంటుండగా, డాక్టరుగారు నేలమీద టార్పాలిన్ పరిచారు.

“సంచులు విప్పండి. ఒకసారి చూసి పంపిస్తాను.”

బావ సంచిని రెండు చేతులా వాటేసుకున్నాడు. “విప్పడమా? డాక్టరుగారూ, విప్పితే మళ్ళీ పట్టదండీ!”

“లోపలికెళ్ళాక ఎలాగూ విప్పాలి కదయ్యా?”

“అది... అప్పుడు చూసుకుందాం లెండి.”

ఇదీ మడత సామానులోని అసలు రహస్యం! అది వాడుకోవడానికి కాదు, సర్దుకోవడానికి. పన్ను పీకించుకోనని మొరాయించే పిల్లాణ్ణి చూసినట్టు చూశారు డాక్టరుగారు. బావ పట్టీ వదిలాడు.

భుస్సుమంది. స్లీపింగ్ బ్యాగు ఒళ్ళు విరుచుకుంది. దాని వెనకే టెంటు, దిండు, కుర్చీ, గిన్నెలు, బకెట్టు, ఇంకేవో పుల్లలూ గొట్టాలూ దొర్లుకుంటూ వచ్చాయి. టార్పాలిన్ చాలక గడ్డిమీదికి పాకాయి. పక్కనే అక్క సంచి కూడా అదే పని చేసింది. క్లబ్బువాళ్ళలో ఒకాయన, “దుకాణం ఎప్పుడు తెరుస్తున్నారు?” అని అడిగాడు.

“లైట్లేవి?” అన్నారు డాక్టరుగారు.

బావ గర్వంగా బొటనవేలంత వస్తువు తీశాడు. “ఇదిగోండి. తెలుపు, ఎరుపు, మిణుకు. మూడూ!”

“ఇది ఒక లైటు.”

“మూడు రకాలుగా వెలుగుతుంది సార్!”

“నీళ్ళలో జారిపడితే?”

బావ ఆలోచించాడు.

“మూడు రకాలుగా ఆరిపోతుంది,” అంది అక్క.

అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు. ఆమె చేతిలోనూ అదే బొటనవేలు ఉంది మరి. మూడు లైట్లు లేనివాళ్ళను లోపలికి పంపరు. అక్క ఒకసారి గుహ వైపు చూసింది, ఒకసారి ఫ్లాస్కు వైపు చూసింది.

డాక్టరుగారు జీపులో వెతికి క్లబ్బువి పాత లైట్లు మూడు పట్టుకొచ్చారు. “ఇవే ఉన్నాయి. మీలో ఒక్కరికే సరిపోతాయి.”

బావ చెయ్యి అప్పటికే చాపి ఉంది. “అదే మంచిదిలెండి. ఆవిడకు మొదటిసారి కదా, భయపడుతుంది. వచ్చేసారి చూద్దాం. ఏమే?”

డాక్టరుగారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. లైట్లు మాత్రం బావ చేతిలో పెట్టలేదు, జీపు బానెట్ మీద పెట్టారు. “ముందు సంచులు సర్దుకోండి. మేం తాళ్ళు కట్టుకుని వచ్చేసరికి ఎవరు సిద్ధంగా ఉంటే వాళ్ళు తీసుకోండి,” అని వెళ్ళిపోయారు.

బావ స్లీపింగ్ బ్యాగుమీద పడ్డాడు. కుక్కాడు, తొక్కాడు, దాంతో కుస్తీ పట్టాడు. తల దూర్చితే తోక బయటికొచ్చింది, తోక దూర్చితే తల బయటికొచ్చింది. ఇంకా పక్కన టెంటు ఎదురుచూస్తోంది, కుర్చీ ఎదురుచూస్తోంది.

“బావా, కుర్చీ వదిలేస్తే?” అన్నాను.

“చిన్నదేగా! మరదలా, కాస్త దీనిమీద కూర్చోమ్మా!”

కూర్చున్నాను. నేనూ కాంపాక్టే. ఏమీ లాభం లేకపోయింది.

అవతల అక్క తన సామాను ముందు నిలబడి ఉంది. బకెట్టు తీసి పక్కన పెట్టింది. దిండు పక్కన పెట్టింది. గిన్నెలు, తువ్వాలు, ఊదుకునేవి, మడిచేవి అన్నీ పక్కన పెట్టింది. స్లీపింగ్ బ్యాగు, స్వెట్టర్లు, తిండి మిగిలాయి. పట్టీల జోలికి పోకుండా, మాసిన బట్టలు కుక్కినట్టు వాటిని సంచిలో కుక్కింది. పట్టాయి. పైన కాస్త ఖాళీ కూడా మిగిలింది. బావ చూడలేదు కాబట్టి సరిపోయింది, చూస్తే ఏమైపోయేవాడో!

హెల్మెట్ పెట్టుకుంది. బానెట్ మీది లైట్లు తీసుకుంది.

“ఏమండీ, వెళ్ళొస్తాను.”

“ఆఁ, ఆఁ, త్వరగా వచ్చెయ్,” అన్నాడు బావ తలెత్తకుండా. పట్టీ పళ్ళ మధ్య ఉంది.

తలెత్తేసరికి గుహ ముంగిట ఎవరూ లేరు.

“ఎక్కడికెళ్ళింది?” అని నన్నడిగాడు.

“లోపలికి.”

“లోపలికంటే?”

బావకు అర్థమయ్యేలా చెప్పడం నావల్ల కాలేదు. చెయ్యెత్తి గుహను చూపించాను.

చూశారా, పాఠకులారా, చిన్న వస్తువుల మహిమ! గిన్నె వదలలేడు, దిండు వదలలేడు, గుండీ అంత తువ్వాలు వదలలేడు. ఏదీ వదలలేని ఆ మనిషి ఇన్నేళ్ళుగా తేలిగ్గా వదిలేసి వెళ్ళగలిగింది మా అక్కనొక్కదాన్నే. అక్కను మడవడం కుదరదు కదా!

ఆ రాత్రి టెంటు బయటే వేశాం. ఇద్దరు పట్టే టెంటని దానిమీద రాసి ఉంది. ఆ ఇద్దరూ ఎవరో నాకు తెలియదు. బావ ఒక్కడు దూరేసరికి అది నిండిపోయింది. నేను జీపులో పడుకున్నాను. తెల్లారి చూస్తే బావ గుహ ముంగిట రాతిమీద కూర్చుని ఉన్నాడు. ఫ్లాస్కు ఒళ్ళో ఉంది.

“ఎంతసేపు కూర్చోవాలి ఇక్కడ?” అన్నాడు. “ఏమీ తోచదేంటి?”

నేను మాట్లాడలేదు. అన్నాను కదా, నేను మాట్లాడేదే తక్కువ.

చెప్పిన వేళకే వాళ్ళంతా బయటికొచ్చారు. అక్క అందరికన్నా ఆఖరున వచ్చింది. బురదలో ముంచి తీసినట్టుంది. మోచెయ్యి గీసుకుపోయింది. ముఖం మాత్రం ఆమె పెళ్ళిఫోటోలో కూడా అంత బాగా లేదు.

బావ ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చాడు. అక్క వేలు వేలుకీ బురద ఉన్న చేతులతో అందుకుంది.

“ఏముందే లోపల?”

అక్క టీ తాగింది. సగం తాగాక చెప్పింది.

“చోటు. ఎంత చోటంటే... లైటు వేస్తే గోడ కనిపించలేదండీ. పైకి వేస్తే కప్పు కనిపించలేదు. మన మాట మనకు తిరిగి రావడానికి కాసేపు పడుతుంది. రాత్రి చేతులు రెండూ ఇలా బార్లా చాపుకుని పడుకున్నాను. దేనికీ తగల్లేదు.”

బావ కళ్ళు మెరిశాయి. బావకు అర్థమైందనే అనుకున్నాను నేను. ఆయన ఒక్క క్షణం గుహ వైపు చూసి, గొంతు తగ్గించి, “అంత చోటుందా? అయితే వచ్చేసారి మడత బల్ల తెచ్చుకోవచ్చే! చవగ్గా వస్తోంది, గొడుగంత కూడా ఉండదు,” అన్నాడు.

అక్క ఖాళీ గ్లాసు ఆయన చేతికిచ్చింది.

“తెచ్చుకోండి. నేను లోపలికెళ్ళాక మీరిక్కడ ఫ్లాస్కు పెట్టుకోవడానికి పనికొస్తుంది.”

ఇప్పటికైనా ఒప్పుకుంటారా, మడత సామాను మనిషిని ఉద్ధరిస్తుందని? ఎవరిని ఉద్ధరిస్తుందన్నది వేరే సంగతి. మీ ఇంట్లో ఆయన ఏదైనా కొంటానంటే దయచేసి అడ్డు చెప్పకండి. ఆ బల్ల కొనమని బావను రోజూ పోరుతున్నది నేనే.