చాటలో ఆరబెట్టిన గరగర

రెండువేల నాలుగు ఆయుధపూజ నాటి ఉదయం గిటారు వాయించే ధనుంజయ వేసుకున్న పథకం చిన్నదే. పది గంటలకు ఆర్కెస్ట్రా యజమాని శివప్రసాద్ కడపలో ధనుంజయ ఇంటికి వస్తాడు. పాత పెడల్, కొత్త పెడల్ రెండూ వాయించి వినిపించాలి. పాతదే గొప్పదని ఒప్పించాలి. పన్నెండుకల్లా పూర్ణం ఓళిగలు తినాలి.

పెడల్ అంటే కాలితో నొక్కే ఇనప డబ్బా. నొక్కితే గిటారు గొంతుకు కాస్త జలుబు చేస్తుంది. ఆ గరగరే గానమవుతుంది. పాతది ఎనభై నాలుగులో ఆర్కెస్ట్రా కోసం మద్రాసులో కొన్నది. ధనుంజయ పాదం పడీ పడీ దాని పచ్చరంగు పోయింది. అతని జుట్టు మాత్రం ఎవరి పాదమూ పడకుండానే పోయింది. ఇప్పుడు అదే కంపెనీ అదే డబ్బాను చవగ్గా చేసి వదిలింది. శివప్రసాద్ ఒకటి తెప్పించి, "రెండూ ఒకే మాదిరి మోగితే పాతది బెంగళూరాయనకు అమ్మేస్తానప్పా. పాత సామాన్లంటే ఆయనకు శానా పిచ్చి" అన్నాడు. అప్పట్నుంచి ధనుంజయకు ఓళిగలు తప్ప ఏదీ సహించడం లేదు.

స్నానం చేసి వచ్చేసరికి రెండు పెడళ్లూ కొళాయి కింద, కత్తిపీట పక్కన తళతళలాడుతున్నాయి.

"కరెంటు సామాను కడిగినావేందే?"

"పూజకు పనిముట్లు కడక్కుండా పెడతారా? గిటారు కూడా కడుగుదామనుకున్యా, బొక్కెట్లో పట్టలేదు" అంది భార్య నాగశ్రీ.

ధనుంజయ రెండు డబ్బాలూ విప్పి లోపలి సర్క్యూట్లు బయటికి తీశాడు. అవి కవలపిల్లల్లా ఉన్నాయి. అందుకే చాటలో పాతదాన్ని ఎడమవైపు, కొత్తదాన్ని కుడివైపు పేర్చి మిద్దె మీద ఎండబెట్టాడు. స్కూటరు చప్పుడు వినగానే పరుగున వెళ్లి ఎడమది పాత డబ్బాలో, కుడిది కొత్త డబ్బాలో బిగించేశాడు.

"ఏది ఏదో చెప్పొద్దు. చెవులతోనే తేలుస్తా" అంటూ శివప్రసాద్ గోడవైపు తిరిగి కళ్లు మూసుకున్నాడు.

ధనుంజయ మొదట కొత్త డబ్బా నొక్కాడు. ఆ మోత అతనికి నచ్చలేదు. నచ్చకూడదని ముందే నిశ్చయించుకున్నాడు. తర్వాత పాతది నొక్కాడు. ఒక్క తీగ మీటగానే మహానంది తిరునాళ్లు, వాన పడుతున్నా ఆపకుండా వాయించిన వేంపల్లె పెళ్లి, పత్తికొండ టమాటా మండీ ముందు వేదిక, ముందు వరసలో లంగావోణీలో నాగశ్రీ, అన్నీ వరసగా కళ్లముందు నిలిచాయి. శ్రుతికన్నా స్మృతి గట్టిగా మోగింది. కళ్లు తుడుచుకున్నాడు.

"మొదటిదే శానా బాగుండాది" అన్నాడు శివప్రసాద్. "రెండోది డబ్బాలో ఈగ మాదిరి గీపెడతాంది. మొదటిది పాతదే కదా?"

"కాదన్నా, రెండోదే పాతది" అన్నాడు ధనుంజయ గర్వంగా.

"ఇంకేం, కొత్తదే గెలిచింది. పాతది బెంగళూరుకు పోతాది" అని శివప్రసాద్ దాన్ని చంకలో పెట్టుకున్నాడు.

ధనుంజయ గొంతులో ఏ పెడలూ నొక్కకుండానే గరగర మొదలైంది. "ఆ మొదటిదాంట్లో ప్రాణం యాడుందన్నా? వట్టి రేకు!"

వంటింటి గుమ్మంలోంచి నాగశ్రీ అంది: "పత్తికొండలో నన్ను పడగొట్టింది ఇప్పుడు మొదట మోగిన ఆ గరగరే. నాకు తెలీదా?"

"నీకేం తెలుసే? ఎడమపక్క పెట్టిన పాతదాన్ని నా చేతులతో నేనే బిగించినా."

"ఎడమా కుడీ యాడుంటాయి? వడియాలకు మాదిరి అంతా ఎండ తగలాలని నడుమ చాట తిప్పినా కదా."

మరలు విప్పి, సర్క్యూట్ల వెనక సన్నటి అంకెల్లో ఉన్న తయారీ సంవత్సరం చూశారు. పాత డబ్బాలో కొత్తది, కొత్త డబ్బాలో పాతది కూర్చుని ఉన్నాయి.

"సరే, పాతది అమ్మను" అన్నాడు శివప్రసాద్. "అది కాదప్పా, నువ్వు ఇందాక దేనికి ఏడ్చినావు?"

ధనుంజయ గిటారు తీగలు సవరించడంలో మునిగిపోయాడు.

"రేపట్నుంచి సౌండు మిషను కాడ నాగశ్రీ కూచుంటాది. ఆమె తలూపితేనే నువ్వు వాయించు."

ఆ నెల ప్రొద్దుటూరు పెళ్లిలో గిటారు అద్భుతంగా ఉందని అందరూ నాగశ్రీని మెచ్చుకున్నారు.