ఎక్కితే ఆగదు, దిగితే కదలదు

జీలుగుగరువు రోడ్డు సమస్య శాశ్వతంగా పరిష్కారమైందని ప్రజలకు తెలియజేయడానికి మిక్కిలి సంతోషిస్తున్నాం. రోడ్డు వేయలేదు. దానికి బదులు లారీని ఎత్తారు.

తెలియనివారి కోసం చెప్పాలి. డుంబ్రిగుడ దాటాక తారు రోడ్డు అయిపోయిన చోట కొండెక్కితే జీలుగుగరువు వస్తుంది. ఊళ్ళో కాఫీ ఉంది, రాగులున్నాయి, పసుపుంది, ఒక చర్చి, ఒక శంకుదేవుడి రాయి ఉన్నాయి. దారి అనబడేది బండరాళ్ళూ గోతులూ సమపాళ్ళలో కలిపి పరిచిన ఏటవాలు. మామూలు బండి వెళ్తే కడుపు రాయికి తగిలి, నూనె కారి, అక్కడే కూర్చుంటుంది. అందుకని జబ్బు చేసినవాళ్ళనూ, నెలలు నిండిన ఆడవాళ్ళనూ దుప్పట్లో పడుకోబెట్టి, ఆ దుప్పటిని కర్రకు కట్టి, నలుగురు మగవాళ్ళు భుజాల మీద కిందికి దించుతారు. దీన్ని డోలీ అంటారు.

ఈ బాధ చూడలేక కొండవాహనాల ఉన్నతీకరణ మండలి అనే ప్రభుత్వ సంస్థ పుట్టింది. దాని అధ్యక్షులు సన్యాసిరావుగారు. మైదానం నుంచి ఎండుచేపల బుట్టతో వచ్చి, సంతల్లో అంచెలంచెలుగా ఎదిగి, చివరికి ఎండుచేపల వాసన తెలియని స్థాయికి చేరిన మహానుభావుడు. మొదటి సభలోనే ఆయన సమస్య మూలం పట్టుకున్నారు.

"సోదర సోదరీమణులారా, రోడ్డు ఎత్తుగా ఉంటే బండి మామూలుగా ఉండొచ్చు. రోడ్డు లేనప్పుడు బండే ఎత్తుగా ఉండాలి. బండి ఎక్కడికి వెళ్తే ఎత్తు అక్కడికి వెళ్తుంది. రోడ్డుకి ఆ సౌకర్యం ఉందా? ఇలాంటి ఎత్తు దేశంలో ఇంతవరకూ ఎవరూ వేయలేదు."

ఈ చివరి మాటతో మేమూ ఏకీభవిస్తున్నాం.

విశాఖలో సముద్రం ఒడ్డున తిరిగే కుర్రకారు జీపులను జానెడు చొప్పున ఎత్తి పేరు తెచ్చుకున్న శివకుమార్‌కు పని అప్పగించారు. అతను ఒక మినీ లారీని పట్టుకుని, తాళ్ళతో ఊళ్ళోకి లాగించి, ఇరుసుల మీద బండి బరువు మోసే కమాన్ పట్టీల కింద దిమ్మలు పెట్టి, పట్టీల మీద పట్టీలు వేసి, ఏకంగా మూరెడు లేపాడు. మనుషులు ఎక్కడానికి నిచ్చెన వేయాల్సి వచ్చింది. ఊరి పెద్దావిడ సోములమ్మ లారీ చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ఇదేటి బాబూ, బండా మంచెనా? సేలో పెట్టుకుంటే పిట్టల్ని తోలుకోడానికి బాగుంటాది" అంది.

అవగాహన లోపం. అయితే బండి మూరెడు పైకి లేచినా, ఇరుసులూ చక్రాలూ కిందే ఉండిపోయాయి. ఈ రెంటికీ మధ్య బ్రేకు నూనె నడిచే రబ్బరు పైపులు, చేతిబ్రేకు కేబులు ఉంటాయి. అవి మాత్రం కంపెనీలో పుట్టినప్పటి పొడుగులోనే ఉన్నాయి. పైపులు దండెం తాడులా బిగుసుకున్నాయి. కేబులు ఇంకా ముందుకెళ్ళి, ఎవరూ లాగకుండానే చేతిబ్రేకును దానంతట అదే వేసేసింది. శివకుమార్‌కి ఈ సంగతి తెలుసు. అధ్యక్షులవారికి తెలుసు. లారీ కింద నిద్రపోయే కుక్కకు కూడా తెలుసు. కానీ మంజూరైంది ఎత్తు మాత్రమే, బ్రేకులు అందులో లేవు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని కొందరు గొణిగారు గాని, ఊడిన నాలుక గురించి మాట్లాడటం ఎవరి బాధ్యతో తేలలేదు.

కదలని లారీని చూద్దామని ఊళ్ళో జనం ఎక్కారు. ఇరవై మంది ఎక్కేసరికి పట్టీలు అణిగి, బండి కిందికి దిగి, కేబులు వదులై, చేతిబ్రేకు విడిపోయి లారీ కదిలింది. భయపడి దిగారు. మళ్ళీ పైకి లేచి పట్టేసింది. ఎక్కితే నడుస్తుంది, దిగితే ఆగుతుంది. ప్రజలుంటేనే నడిచే ప్రభుత్వ వాహనాన్ని మొదటిసారి చూస్తున్నామని అధ్యక్షులవారు కళ్ళు తుడుచుకున్నారు.

ఈ లారీకి డ్రైవరుగా సోములమ్మ కొడుకు ఫల్గుణను పెట్టారు. అతను అడిగి మరీ వచ్చాడు. అతని భార్య బేబికి నెలలు నిండాయి. మొదటి కాన్పుకు డోలీలో దించుతుంటే దారిలోనే బిడ్డ పోయింది. దీని గురించి చమత్కారంగా చెప్పడానికి మాకు ఏమీ దొరకలేదు. ఈసారి భార్యను తానే దించుకుంటానని ఫల్గుణ పట్టుబట్టాడు, అందుకే బ్రేకుల గురించి అందరికంటే ఎక్కువ గొడవ చేశాడు.

మండలి కార్యాలయానికి వెళ్ళి గుమాస్తా ముందు నిలబడ్డాడు.

"బ్రేకు పైపులికి పొడిగింపు కావాల బాబూ."

ఆ కార్యాలయంలో ఆ మాటకు ఒకటే అర్థం. భవనానికి పొడిగింపు, పథకానికి పొడిగింపు, రిటైరైన పెద్దలకు పొడిగింపు ఇచ్చీ ఇచ్చీ చెయ్యి తిరిగిన కార్యాలయం అది. ఇంత స్పష్టంగా అడిగిన గిరిజనుణ్ణి వాళ్ళు ఇంతవరకూ చూడలేదు. టీ ఇప్పించి, సాయంత్రానికి ఉత్తర్వు చేతిలో పెట్టారు. ప్రస్తుతం ఉన్న బ్రేకు పైపులు మరో మూడు నెలలు పనిచేయడానికి అనుమతిస్తున్నామని అందులో ఉంది.

"నాకు గడువు కాదు బాబూ. పైపు పొట్టిదయిపోనాది. జానెడు పొడుగు కావాల."

"పైపుకే గదయ్యా ఇచ్చినాం. ఇంకేటి కావాలి?"

"మరి చేతిబ్రేకు కేబులో?"

గుమాస్తా మంచివాడు. కేబులుకు ఆరు నెలలు ఇచ్చాడు.

ప్రారంభోత్సవం నాడు జీలుగుగరువులో డప్పులు మోగాయి, థింసా ఆడారు, ఫోటోలు తీశారు. నేటి నుంచి ఇది డోలీరహిత గ్రామమని అధ్యక్షులవారు మైకులో చెబుతుండగానే బేబికి నొప్పులు మొదలయ్యాయి. ఇంత సమయపాలన ఉన్న లబ్ధిదారు ఏ పథకానికీ దొరకలేదు. అధ్యక్షులవారు ఉప్పొంగిపోయి బేబిని నిచ్చెన మీదుగా లారీలోకి ఎక్కించి, పక్కన సోములమ్మను కూర్చోబెట్టి, బండి కదలడానికి కావలసిన జనాన్ని నింపి, తాను ముందు సీట్లో ఫల్గుణ పక్కన ఆసీనులయ్యారు. అప్పుడు సోములమ్మ చేతిలో కర్ర కనిపించింది.

"డోలీ తేవద్దని చెప్పానా?" అన్నారు.

"డోలీ ఏది బాబూ? ఇది కర్ర. అది దుప్పటి. రెండూ ఇడివిడిగా ఒత్తన్నాయి" అంది సోములమ్మ.

నిబంధనల్లో దీనికి అభ్యంతరం కనిపించలేదు.

లారీ బయల్దేరింది. నిచ్చెన ఊళ్ళోనే ఉండిపోయింది. మొదటి మలుపు దాకా ప్రయాణం రాజసంగా సాగింది. అక్కడ ముందు చక్రం గోతిలోకి దిగింది. మూడు నెలల అనుమతి ఉన్న పైపు మూడు నెలలు ఆగకుండా టప్పున ఊడింది. ఫల్గుణ కాలు కింద బ్రేకు మెత్తగా నేలదాకా వెళ్ళిపోయింది.

"దిగిపోండి. బేగి దిగిపోండి" అన్నాడు వెనక్కి తిరిగి.

జనం కాఫీ తోటలోకి దూకడం మొదలుపెట్టారు. ఒక్కొక్కరు దూకినకొద్దీ లారీ ఒక్కొక్క వేలు పైకి లేచింది. కేబులు బిగుసుకుంది. చేతిబ్రేకు పట్టేసింది. లోయకు ఇవతలే బండి ఆగింది. అధ్యక్షులవారు కిటికీలోంచి తల బయటపెట్టి, ఆకుల్లోంచి లేస్తున్న ప్రజలను ఉద్దేశించి ప్రసంగించారు.

"ఇది ప్రమాదం కాదు. ఇది ప్రజా భాగస్వామ్య బ్రేకు. ఇంతకాలం ప్రజలను బండి మోసేది, ఇవాళ ప్రజలే బండిని ఆపారు. ఇదే పద్ధతిలో ముందుకు సాగుదాం."

సాగారు. ఎక్కారు, బండి కదిలింది. దూకారు, బండి ఆగింది. జనానికి ఇందులో ఏదో మజా దొరికినట్టుంది, డప్పు వాళ్ళు దూకేటప్పుడు కూడా వాయించారు. లోపల బేబి ఒక చేత్తో అత్త చెయ్యి, ఇంకో చేత్తో లారీ తలుపు పట్టుకుని పళ్ళు బిగించింది. ఫల్గుణ మాత్రం నవ్వలేదు. వెనక నుంచి మూలుగు వినపడినప్పుడల్లా అతని మెడ మీద నరం లేచేది.

సగం కొండ దిగాక, పెద్ద మలుపు దగ్గర అందరూ దూకినా బండి ఆగలేదు. ముందు సీటులోని బరువు ఒక్కటే కేబులును వదులుగా ఉంచడానికి సరిపోయింది.

"తమరు కూడా దిగాల బాబూ" అన్నాడు ఫల్గుణ.

"నేను అధ్యక్షుణ్ణి."

"అందుకే ఆగటం లేదు."

అధ్యక్షులవారు దిగారు. మూరెడు ఎత్తు ఎంత ఉంటుందో దిగేటప్పుడే వారికి తెలిసింది. బండి ఆగింది. వారి మడమ కూడా అక్కడితో ఆగిపోయింది.

ఇక దూకడానికి జనంలో ఎవరికీ ఓపిక లేదు. బేబికి వ్యవధీ లేదు. సోములమ్మ దుప్పటిని కర్రకు కట్టింది. కోడల్ని దించడానికి లారీ వైపు తిరిగింది. మళ్ళీ ఇటు తిరిగేసరికి దుప్పటి నిండిపోయి ఉంది.

"ముందు నేను వెళ్తేనే గదా అంబులెన్సు పంపగలను" అన్నారు దుప్పట్లోంచి అధ్యక్షులవారు. వారి వెంట మైదానం నుంచి వచ్చిన నలుగురు అనుచరులు అప్పటికే కర్ర భుజాన వేసుకున్నారు. ఫల్గుణ అడ్డంగా వెళ్ళి కర్ర పట్టుకున్నాడు.

"దించండి. అది నా పెళ్ళాం కోసం తెచ్చినాం" అన్నాడు. లారీలోంచి తల్లి కేక వేసింది.

"ఒరే ఫల్గుణా, ఆల్ని పోనీ. నీళ్ళు ఒట్టుకురా. తల కనిపిస్తన్నాది."

అతను కర్ర వదిలేసి నీళ్ళ కోసం గెడ్డ వైపు పరుగెత్తాడు. డోలీ కిందికి ఊగుతూ వెళ్ళింది. ప్రారంభోత్సవానికి వచ్చిన ఫోటోగ్రాఫరు దాని వెంటే పరుగెత్తాడు. అంబులెన్సు వచ్చింది గాని, మడమను తీసుకుని వెళ్ళిపోయింది.

ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. బిడ్డ ఏడుపు విని ఫల్గుణ చక్రానికి చేరగిలబడి కూర్చుని తానూ ఏడ్చాడు. లారీ ప్రభుత్వానిది, దాని మీద ఆరోగ్యశాఖ బొమ్మ కూడా ఉంది కాబట్టి దీన్ని ఆసుపత్రి ప్రసవంగా నమోదు చేశారు. ఆ నెల ఆ ప్రాంతంలో ఆసుపత్రి ప్రసవాలు నూటికి నూరు శాతం.

మర్నాడు అధ్యక్షులవారి డోలీ ఫోటో రాష్ట్రమంతా తిరిగింది. ఇంతకు ముందు ఆ కొండ మీంచి ఎన్నో డోలీల ఫోటోలు వచ్చాయి, మనం అందరం చూశాం, అయ్యో అనుకున్నాం. కానీ ఒక పెద్దమనిషి, అదీ తెల్ల చొక్కాలో, దుప్పట్లో పడి వేలాడటం చూసి మన గుండెలు నిజంగా తరుక్కుపోయాయి. మనలో చాలామంది ఆ ఫోటోను ముగ్గురికో నలుగురికో పంపాం. చర్చలు జరిగాయి. వారం తిరక్కుండా రోడ్డు మంజూరైంది, యంత్రాలు వచ్చాయి, తారు కాగింది. ఇంత వేగంగా రోడ్డు పడటం మన్యంలో ఎవరూ ఎరగరు.

రోడ్డు పెద్ద మలుపు దాకా వేశారు. అధ్యక్షులవారు డోలీ ఎక్కింది అక్కడే. అక్కడి నుంచి పైకి, అంటే జీలుగుగరువు దాకా, ఎవరూ బాధపడినట్టు ఆధారాలు లేవు.

సోములమ్మ మనవరాలిని చంకనేసుకుని మలుపు దాకా వచ్చి, కొత్త తారు మీద నిలబడి పైకి చూసింది.

"ఇంకా సగం ఉండిపోనాది బాబూ. ఇంకో పెద్దమనిసిని అంపండి. కాలు సంగతి మా దారే సూసుకుంటాది" అంది.

న్యాయమైన కోరిక. పాఠకుల్లో కాస్త పేరూ, తెల్ల చొక్కా, ఒక మడమ ఉన్నవారెవరైనా ముందుకు రావచ్చు. గర్భిణులు మాత్రం దయచేసి దరఖాస్తు చేసుకోవద్దు. వాళ్ళు ఎన్నిసార్లు డోలీ ఎక్కినా రోడ్డు పడదని మనందరికీ అనుభవమే.