నాకేం లేదన్నా నమ్మొద్దు

ఆ ఉదయం జాగ్రత్తగారి పథకం చాలా చిన్నది. పైపుల యార్డులో ఎవరూ ఒంటరిగా పనిచేయకుండా అందరినీ ఇద్దరిద్దరుగా జత కట్టించాలి, మధ్యమధ్య టెంటులోకి పంపి వేడివేడిగా ఏదైనా తాగించాలి, సాయంత్రానికి ప్రతివాణ్నీ పది వేళ్లతో ఇంటికి పంపాలి. బయట ఎముకలు కొరికే చలి. ఇనుప పైపు ముట్టుకుంటే చర్మం అంటుకుపోయేలా ఉంది.

ఆయన అసలు పేరు యార్డులో ఎవరికీ గుర్తులేదు. భద్రత చూసే సూపర్‌వైజరు. ఏ మాట మొదలుపెట్టినా చివర "జాగ్రత్త" అని ముగిస్తారు కాబట్టి ఆ పేరే స్థిరపడిపోయింది. ఇంట్లోనూ అదే తంతు. మొన్నామధ్య భార్య బట్టలు సర్దుకుంటూ, "నేను మా తమ్ముడి ఇంటికి వెళ్లిపోతే మీకెలా ఉంటుంది?" అని అడిగింది. ఎలా ఉంటుందో ఆయనకు బాగా తెలుసు. నోట్లోంచి మాత్రం "గ్యాస్ కట్టేసి వెళ్లు, జాగ్రత్త" అని వచ్చింది. ఆవిడ గ్యాస్ కట్టేసి వెళ్లిపోయింది.

అప్పటినుంచి ఇంట్లో ఏ గదిలో కూర్చోవాలో ఆయనకు తెలియడం లేదు. టీ పెడితే రెండు కప్పులవుతోంది. రెండోది పారబోయడానికి చేతులు రాక అదీ తనే తాగుతున్నారు. ఫోన్ చేద్దామని తీస్తే ఏం మాట్లాడాలో తోచదు. బాగున్నావా అని అడిగి జాగ్రత్త అని పెట్టేయడానికి ఫోనెందుకు? ఆమె తిరిగొస్తే చాలు. అంతకుమించి ఆయనకేమీ అక్కర్లేదు.

ముందు రోజంతా యార్డులో అరిచి గొంతు పోయింది. అందుకని వంటింట్లోనే నిలబడి, పనివాళ్ల గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టబోయారు. "ఇది యార్డులో పనిచేసేవాళ్లందరికీ" అంటుండగా దగ్గొచ్చి, బటన్ మీద వేలు జారింది. మళ్లీ నొక్కి మిగతాది చెప్పారు. మొదటి ముక్క వెళ్లలేదని చూసుకోలేదు. వెళ్లింది ఇంతే:

"ఈ చలిలో తోడు లేకుండా ఎవరూ ఉండకూడదు. ఒంటరిగా ఉంటే ప్రాణం మీదికొస్తుంది. ముందు చేతులు మొద్దుబారతాయి. తర్వాత మాట తడబడుతుంది. ఏం చేస్తున్నామో మనకే తెలీదు. అలాంటి మనిషి నాకేం లేదంటాడు, నమ్మొద్దు. లోపలికి తీసుకెళ్లి వెచ్చగా కప్పండి. పక్కనే కూర్చోండి. వదిలేసి మాత్రం వెళ్లొద్దు."

గొంతు బొంగురు. మధ్యలో రెండుచోట్ల ముక్కు చీదిన చప్పుడు. చివర్లో రావలసిన "జాగ్రత్త"ను ఇంకో దగ్గు మింగేసింది.

క్రేన్ ఆపరేటరు దాన్ని తన కేబిన్‌లో విన్నాడు. మళ్లీ విన్నాడు. కిందికి దిగొచ్చి వెల్డర్‌ని పక్కకు లాగాడు.

"విన్నావా? చివర జాగ్రత్త అనలేదు."

వెల్డర్ ఫోను చెవికి ఆనించుకున్నాడు. "నిజమే. అయితే చెయ్యి దాటిపోయింది."

"అందరికీ చెప్తున్నట్టు తన సంగతే చెప్పుకున్నాడు, పిచ్చి మారాజు. ఆవిడ చెవిన పడితే బాగుండు."

"ఆయన బావమరిది మా వీధే, ఆవిడా అక్కడే ఉంది. ఇప్పుడే పంపిస్తా."

పంపించేశాడు. చేతిలో పని ఇంత సులువుగా అయిపోవడం వెల్డర్‌కి కొత్త.

జాగ్రత్తగారు యార్డుకొచ్చేసరికి పైపుల దగ్గర ఒక్క నరపురుగు లేదు. అందరూ గేటు దగ్గరే ఉన్నారు. ఆయన నడిస్తే నడిచారు, ఆగితే ఆగారు.

"జతలు కట్టారా?" అన్నారాయన. "నీ తోడెవరు?"

"మీరే సార్," అన్నాడు క్రేన్ ఆపరేటరు.

"మరి నీకు?"

"నాక్కూడా మీరే సార్," అన్నాడు వెల్డర్. వెనకున్న వాళ్లంతా తలూపారు.

"నే... నేనొక్కణ్నే అందరికీ ఎ... ఎలా..." చలికి పళ్లు టకటకలాడి మాట తడబడింది. వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆయన గ్లవ్ తీసి విజిల్ ఊదబోతే అది కాస్తా జారి కింద పడింది.

"చేతులు కూడా పోయాయి," అన్నాడు వెల్డర్ మెల్లగా.

"నాకేం లేదయ్యా."

ఆ మాటతో ఆయన పని అయిపోయింది. నలుగురు పట్టుకుని టెంటులోకి తీసుకెళ్లారు. బూట్లు విప్పి పొడి మేజోళ్లు తొడిగారు. దుప్పట్లు కప్పి, హీటరు దగ్గరికి జరిపి, రెండువైపులా ఒరుసుకుని కూర్చున్నారు. తను నేర్పింది నేర్పినట్టు ఒక్క పొల్లు పోకుండా చేస్తుంటే తిట్టడానికి ఆయనకు మనసొప్పలేదు.

"బయట పని దగ్గర ఎవరున్నారు?" అని మాత్రం అడిగారు.

"ఎవరూ లేరు సార్. మీరేగా వదిలేసి వెళ్లొద్దన్నారు."

అప్పుడే టెంటు తెర పక్కకు తొలగింది. బావమరిది వచ్చాడు, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లతో. అతని వెనకే ఫ్లాస్కు పట్టుకుని ఆవిడ.

"ఇంత బాధ కడుపులో పెట్టుకున్నారా బావగారూ, నాకో మాట చెప్పొచ్చుగా," అంటూ బావమరిది అందరికీ వినపడేలా ఫోను పెట్టాడు. జాగ్రత్తగారు తన మెసేజ్‌ని మొదటిసారి పూర్తిగా విన్నారు. ఏ ముక్క పోయిందో, ఏ ముక్క మిగిలిందో అర్థమయ్యేసరికి దుప్పట్ల కింద కూడా ఒళ్లు చల్లబడింది.

అందరూ ఆయన మొహమే చూస్తున్నారు. అవునని ఒక్కసారి తలూపితే చాలు, సాయంత్రానికి ఆవిడ ఇంట్లో ఉంటుంది. ఊపాలని ఆయనకు ప్రాణం లాగింది. కానీ ఉన్నదున్నట్టు చెప్పకపోతేనే ప్రమాదాలు జరుగుతాయని ఇన్నేళ్లూ ఊదరగొట్టిన మనిషి.

"అది చలి గురించి," అన్నారు భార్యతో. "వీళ్లకి చెప్పింది. మొదటి ముక్క తెగిపోయింది. అందులో నీకోసం చెప్పిందేం లేదు."

బావమరిది ఫోను జేబులో పెట్టుకున్నాడు. క్రేన్ ఆపరేటరు టెంటు పైకప్పు చూడసాగాడు.

"తెలుసు," అంది ఆవిడ. "వినగానే తెలిసింది. నాకోసమైతే అన్ని మాటలు మీ నోట్లోంచి రావు."

"మరి ఎందుకొచ్చావు?"

"గొంతు విని. వేడినీళ్లు ఇచ్చేసి పోదామని." ఫ్లాస్కు ఆయన చేతిలో పెట్టి వెనక్కి తిరిగింది.

జాగ్రత్తగారి నాలుక చివరికి అలవాటైన మాట వచ్చేసింది. దాన్ని మింగడానికి ఆయన పడ్డ కష్టం పక్కనున్న వెల్డర్‌కి కూడా తెలిసింది.

"ఇల్లు చాలా చల్లగా ఉంటోంది," అన్నారు.

"హీటరు పాడైందా?"

"లేదు. బాగానే పనిచేస్తోంది."

ఆవిడ తెర దగ్గర ఆగింది. తర్వాత వెనక్కొచ్చి, "కాస్త జరుగు బాబూ," అని వెల్డర్‌ని లేపి, ఆ చోట్లో కూర్చుని, ఆయన మీది దుప్పటి కొంగు తన మీదికి లాక్కుంది. బావమరిది మళ్లీ ఏడుపు మొదలుపెట్టాడు. ఈసారి క్రేన్ ఆపరేటరు కూడా కలిశాడు.

ఆ రోజు యార్డులో చలివల్ల ఎవరికీ ఏమీ కాలేదు. పని కూడా ఏమీ కాలేదు.