ఏడాది పాటు నోరెత్తరాదు

రోజూ పొద్దున గుర్వమ్మకు మూడు పనులు. వాకిట్లో సాన్పు చల్లడం, ఎల్లేశాన్ని తిట్టడం, జొన్నరొట్టె చేసుకు తినడం. మొదటిదీ మూడోదీ అప్పుడప్పుడు ముందూ వెనకా అయ్యేవి గానీ, రెండోది ఏనాడూ తప్పలేదు. తిట్టకుండా తిన్న రొట్టె ఆమెకు ఒంటబట్టేది కాదు.

ఎల్లేశం ఎదురింట్లో ఉండే గొర్లకాపరి. వరసకు మరిది. అతని పెళ్లాం పోయి ఏళ్లయింది. గుర్వమ్మకు మొగుడూ లేడు, పిల్లలూ లేరు. మక్తల్‌కు రెండు కోసుల దూరంలో ఉన్న ఆ ఊళ్లో, వాళ్లు గేరి అనే ఆ వీధి నిండా ఒకప్పుడు మనుషులే. కృష్ణ మీద ఆనకట్ట పని మొదలైందని తెలిశాక ఒక్కో ఇల్లే మూటాముల్లె సర్దుకొని కూలి పనులకు నందికొండకు తరలిపోయింది. పోయినవాళ్లు తలుపులకు ముళ్లకంప అడ్డం పెట్టి పోయారు. ఇప్పుడు గేరి మొత్తంలో పొయ్యి వెలిగేవి ఈ రెండిండ్లే. పొద్దున ఆ ఇద్దరూ తిట్టుకుంటేనే అక్కడ ఇంకా మనుషులున్నారని తెలిసేది. మిగతా పగలంతా గుర్వమ్మకు మాట్లాడటానికి కోడి తప్ప దిక్కు లేదు.

తిట్లకు కారణం సాన్పే. ఆమె చెయ్యి విసురుగా తిప్పితే పేడనీళ్లు ఎదురింటి అరుగు మీది గొంగడి దాకా పోయేవి. ఆమె నిదానంగా చల్లవచ్చు. అతను గొంగడి తీసి లోపల వేసుకోవచ్చు. ఇద్దరూ ఆ పని ఎన్నడూ చేయలేదు.

ఒకరోజు గొంగడి ఎల్లేశం భుజం మీదే ఉంది. అయినా తడిసింది. గుర్వమ్మ చెంబు దించి, నడుం మీద చెయ్యి పెట్టుకొని ఎదురుచూసింది. ఎల్లేశం నోరు తెరవలేదు.

"ఏందిరా ఎల్లిగా, కండ్లు గనవడతలేవా? తొవ్వకు అడ్డం నిలవడ్డవ్?" అని ఆమే మొదలుపెట్టింది.

అతను మొహం పక్కకు తిప్పుకొని నడక సాగించాడు.

అసలు సంగతేమిటంటే, ఎల్లేశానికి తెల్లవారుజాము నుంచి పన్ను నొప్పి. దవడ వాచి, నోరు తెరిస్తే ప్రాణం పోతోంది. మక్తల్ దవాఖానకు బయలుదేరాడు. పొద్దుపోతే అక్కడే పడుకుందామని ఒక ధోతి మూటగట్టుకున్నాడు. గొర్లను పక్క గేరి కాటమయ్యకు అప్పజెప్పాడు.

గుర్వమ్మకు కనిపించింది వేరు. చేతిలో మూట, కాళ్లకు చెప్పులు, వెంట గొర్లు లేవు. నందికొండకు పోయినవాళ్లంతా సరిగ్గా ఇట్లాగే పోయారు, పోయేనాడు ఆమె మొహం చూడలేక ఇట్లాగే తల తిప్పుకున్నారు.

"ఏడికి వోతున్నవ్‌రా?" అంటూ పరుగెత్తి గొంగడి కొస పట్టుకుంది. అతను లాక్కున్నాడు. ఆమె రెండు చేతులా పట్టి గుంజింది. "జెప్పి పో! నువ్వు గూడ పోతే గీ గేరిల నేనొక్కదాన్నే..." అని, అంతలోనే నాలుక కరుచుకొని, "నా చాట ఎవడిస్తడు?" అని మార్చింది. అతని దగ్గర ఆమె చాట ఏదీ లేదు.

నడి గేరిలో గొంగడి అటూ ఇటూ ఊగుతుండగా సబ్ ఇన్‌స్పెక్టరు సైకిలు మీద వచ్చాడు. జనం అతన్ని ఇంకా పాతకాలపు పేరుతో అమీన్‌సాబనే పిలుస్తారు. అతను కొత్తగా వచ్చాడు. వచ్చినప్పటి నుంచి చెప్పుకోదగ్గ కేసు ఒక్కటీ దొరకలేదు. కొట్లాడుకునే వయసున్నవాళ్లంతా నందికొండలో ఉన్నారు మరి.

"ఏం గలాటా ఇది?" అన్నాడు సైకిలు దిగి.

పోతాడేమోనని భయపడి పట్టుకున్నానని చెప్పడానికి గుర్వమ్మకు సిగ్గేసింది. "నా మీద కలవడ్డడు, అమీన్‌సాబ్" అంది. సాబు ఒక కసురు కసిరి ఇంటికి పంపుతాడు, ఆ పూటకు ప్రయాణం ఆగుతుంది అనుకుంది.

"నిజమేనా?" అని అమీను అడిగాడు. ఎల్లేశం దవడ పట్టుకొని గట్టిగా తల ఊపాడు. నొప్పిగా ఉందని చెప్పడం అతని ఉద్దేశం. "ఒప్పుకున్నడు!" అని అమీను సంబరపడిపోయి, గొంగడిని రుజువు కింద చుట్టి సైకిలుకు కట్టి, ఎల్లేశాన్ని మక్తల్ దారి పట్టించాడు. ఎల్లేశం పోదామనుకున్నదీ మక్తల్‌కే గనక ఎదురు చెప్పలేదు.

గుర్వమ్మ పొయ్యి ముట్టించలేదు. ఎండ నెత్తి మీదికి వచ్చినా ఎల్లేశం రాలేదు. కాటమయ్య వచ్చి, "బజార్ల కొట్లాడితే నెల జైలంట వదినె. లేకుంటే జుర్మానా. లేకుంటే రెండూనంట" అని చెప్పాడు. గుర్వమ్మ కొంగు నడుముకు చుట్టి ఠాణాకు నడిచింది.

"ఇడిసిపెట్టు సాబ్, మేం రాజీ అయినం" అంది.

"రాజీ అయితందుకు గిది నీ కేసు గాదమ్మా. సర్కారు కేసు. బజార్ల శాంతి చెడగొట్టిండు."

"గాయనొక్కడే యాడ చెడగొట్టిండు? గొంగడి ముందుగాల గుంజింది నేనే!"

అమీను చేతిలో కలం ఆగిపోయింది. పొద్దున్నుంచి అతన్ని ఒక చిక్కు వేధిస్తోంది. ఈ నేరానికి కనీసం ఇద్దరుండాలి. ఒంటరిగా ఎంత ఎగిరినా అది కొట్లాట కాదు. రెండో మనిషి తన కాళ్ల మీద తానే నడిచి వచ్చింది. "కూసో అమ్మా, కూసో" అన్నాడు ఎంతో మర్యాదగా. "రెండో ముద్దాయివి నువ్వు."

లోపల జమేదారు ఇచ్చిన లవంగం కొరికేసరికి ఎల్లేశం పన్ను ఊడిపోయింది. నోరు మళ్లీ స్వాధీనంలోకి వచ్చింది. "నువ్వెందుకొచ్చినవ్ వదినె?" అని అక్కడి నుంచే అరిచాడు.

"నోరున్నదా నీకు? పొద్దుగాల ఏమైంది?" అని ఆమె లేచింది.

"ముద్దాయిలు మాట్లాడుకోవద్దు" అని అమీను ఇద్దరినీ ఆపాడు.

ఆ సాయంత్రమే వాళ్లను మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాడు. ఆయన రాష్ట్రాలు కలిశాక గుంటూరు వైపు నుంచి వచ్చినవాడు.

"ఎక్కడ జరిగిందయ్యా ఇది? ఇంట్లోనా, వీధిలోనా?"

"బజార్ల, హుజూర్. నడి గేరిల."

"ఎవరి శాంతి చెడింది?"

అమీను తడబడ్డాడు. "గేరిల ఎవ్వరు లేరు హుజూర్. నాదే చెడింది."

మేజిస్ట్రేటు మీసాల చాటున నవ్వు దాచుకొని, తప్పు ఒప్పుకుంటారా అని అడిగాడు. "నాదే తప్పు" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. "ఆమెది గాదు దొరా, నాది." "నోర్మూయ్, గుంజింది నేను!" ఆయన బల్ల చరచవలసి వచ్చింది.

"ఈ నేరానికి నెల దాకా జైలు వేయొచ్చు, జరిమానా వేయొచ్చు, రెండూ వేయొచ్చు" అన్నాడు నెమ్మదిగా. "కానీ శిక్ష వేసే ముందు మనిషిని కూడా చూడాలి. మీరు పెద్దవాళ్లు. పాత నేరాలు లేవు. అడగ్గానే ఒప్పుకున్నారు. అందుకని జైలూ లేదు, జరిమానా లేదు. సొంత పూచీ ఇచ్చి ఇంటికి వెళ్లండి. వీధిలో శాంతి చెడేలా ఏడాది పాటు ఒకరి మీద ఒకరు నోరెత్తరాదు. ఎత్తారో, మళ్లీ పిలిపించి అసలు శిక్ష వేస్తాను."

ఇద్దరూ చేతులు జోడించారు. వాళ్ల చెవిన పడింది ఆ చివరి మాటలే. ఎంత ఎత్తితే నోరెత్తినట్టో తెలియదు కాబట్టి అసలు తెరవకుండా ఇంటికి నడిచారు. ముందు ఠాణా తిరిగిచ్చిన గొంగడితో ఎల్లేశం, వెనక గుర్వమ్మ.

మరునాటి నుంచి గేరి చచ్చిపోయినట్టయింది. గుర్వమ్మ వంగి, నేలకు తాకేంత కింది నుంచి సాన్పు చల్లింది. ఎల్లేశం గొంగడి పొడిగా ఉంది. దాన్ని తడిమి చూసుకొని గొర్లను తోలుకుపోయాడు. ఒకనాడు ఆమె ఉండబట్టలేక విసురుగా చల్లింది. అతని మొహం వెలిగింది, నోరు తెరిచాడు. గేరి మొదట్లో అమీను సైకిలు గంట మోగింది. నోరు మూసుకున్నాడు.

గుర్వమ్మ కోడిని తిట్టి చూసింది. కోడి ఎదురు తిట్టలేదు. రొట్టె నోట్లో మట్టిలా తిరిగింది. జైల్లోనైనా పక్కన మనుషులుంటారు గదా అనిపించి ఒకరోజు పొయ్యి ముందు కూర్చొని ఏడ్చింది. కండ్లు తుడుచుకొని కోర్టుకు పోయింది.

"దొరా, నాకు జైలెయ్యి."

మేజిస్ట్రేటు ఉలిక్కిపడ్డాడు. "మళ్లీ కొట్లాడారా?"

"కొట్లాడలేకనే వచ్చిన దొరా. జైలయితే నెలకే అయిపోతది. గీ ఏడాది నాతోని గాదు. గేరిల ఉన్నది గాయనొక్కడే. గాయనతోని మాట్లాడొద్దంటే నేనెవరితోని మాట్లాడాలె?"

మేజిస్ట్రేటు కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. "నిన్న ఆయనా వచ్చి ఇదే అడిగాడు. ఇంకో కేసు విచారణలో ఉండి పంపించేశాను" అన్నాడు. "తీర్పు తిరగరాయడం నా చేతిలో లేదమ్మా. అయినా మీరిద్దరూ సగమే విన్నారు. మీది వీధిలో చేసిన నేరం. ఇంట్లో తలుపు వేసుకొని ఏం తిట్టుకుంటారో వినే పని సర్కారుకు లేదు."

గుర్వమ్మ వచ్చేసరికి ఎల్లేశం అరుగు మీద ఉన్నాడు. ఆమె మాట్లాడకుండా చేత్తో పిలిచింది. అతను గేరికి ఆ కొసా ఈ కొసా చూసుకొని లోపలికి వచ్చాడు. ఆమె తలుపు మూసి గడియ పెట్టింది.

"ఇగ జెప్పు. ఆ పొద్దు ఏమైంది నీ నోటికి?"

"పన్ను నొప్పి."

"పన్ను నొప్పా? మరి మూటెందుకురా, నీ మూట మీద మన్నువడ! నందికొండకు వోతున్నవనుకున్న నేను!"

ఎల్లేశం నేల చూపులు చూశాడు. "నందికొండకెందుకు వోత వదినె? గాడ నన్ను తిట్టేటోళ్లెవరున్నరు?"

గుర్వమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. తరువాత ఇన్నాళ్ల బాకీ అంతా ఒక్కసారి మొదలుపెట్టింది. ఎల్లేశం కూడా తగ్గలేదు. బయట సైకిలు ఆగింది. అమీను మూసిన తలుపు దగ్గర కాసేపు చెవి పెట్టి, బజారంతా ప్రశాంతంగా ఉందని రూఢి చేసుకొని వెళ్లిపోయాడు. ఆ పూట గుర్వమ్మ రొట్టెలు ఇద్దరికి సరిపడా చేసింది.

పూచీ గడువు ఎప్పుడో తీరిపోయింది గానీ, ఆ ఇద్దరూ ఇప్పటికీ చట్టాన్ని గౌరవించి తలుపు వేసుకునే తిట్టుకుంటున్నారు.