రెండు వందల నలభై రెండో పక్షి

"ఈ సంవత్సరాన్ని కోలారు జిల్లా పక్షి సంవత్సరంగా ప్రకటిస్తున్నాను. జిల్లాలోని పక్షులన్నీ దీనికి సంపూర్ణంగా సహకరించాలని కోరుతున్నాను" అని వన్యప్రాణి ఉల్లాస శాఖామాత్యులు శ్రీ ఓబలప్పగారు జనవరి ఒకటో తేదీన రాబర్ట్‌సన్‌పేట మైదానంలో సెలవిచ్చారు. సభికులు రెండు నిమిషాలు చప్పట్లు కొట్టారు. షామియానా గుంజ మీద వాలిన కాకి ఒకటి ఆ మాట వినగానే లేచిపోయింది గానీ, దాన్ని సహాయ నిరాకరణగా ఎవరూ భావించలేదు.

పోటీ సులభం. డిసెంబరు ముప్పై ఒకటిలోగా ఎవరు ఎక్కువ రకాల పక్షుల్ని చూసి రాస్తే వాళ్ళకు వెండికప్పు. ప్రజలకు ఆదర్శంగా ఉండడానికి తాము కూడా పోటీలో చేరుతున్నామని మంత్రిగారన్నారు. అంతటి మనిషి మామూలు పోటీదారుగా జనం మధ్య నిలబడడం చూసి ముందు వరుసలోని ఆఫీసర్లకు కళ్ళు చెమర్చాయి. కప్పు ఎవరికి వస్తుందో ఆ క్షణంలోనే వాళ్ళందరికీ తెలిసిపోయింది.

తెలియనివాడు గంగప్ప ఒక్కడే.

గంగప్ప బంగారు గని టైమాఫీసులో గుమాస్తా. షిఫ్టుకు దిగే ప్రతి మనిషికీ బిళ్ళ ఇవ్వడం, మస్టరులో హాజరు వెయ్యడం, పైకి వచ్చాక బిళ్ళ తీసుకోవడం అతని పని. గని సర్కారువారిదై పాతికేళ్ళు దాటింది, పెద్ద ఆఫీసర్లు ఎందరో మారారు, గంగప్ప కుర్చీ మాత్రం మారలేదు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో రాని మనిషికి ఒక్క హాజరు వేసిన పాపాన పోలేదు. సొంత బావమరిది పెళ్ళిచూపులకు పోయి, "వచ్చినట్టు రాసెయ్ బావా" అని బతిమాలినా రాయలేదు. ఆ సంగతి అతని భార్య మునిలక్ష్మమ్మ ఇప్పటికీ వారానికి రెండుసార్లు గుర్తు చేస్తూనే ఉంటుంది.

అలాంటి మనిషికి ఉన్న ఒకే వ్యసనం పక్షులు. ఆ వ్యసనంలో తోడు బడిపంతులమ్మ నాగరత్న. ఆరేళ్ళుగా ఇద్దరూ చెరో నోటుబుక్కు పెట్టుకొని, ఏడాది పొడుగునా చూసిన పక్షుల్ని రాసుకొని, ఏడాది చివర లెక్క చూసుకొనేవాళ్ళు. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకు మసాలదోసె తినిపించాలి. ఆరేళ్ళూ తినిపించింది గంగప్పే. పోయిన ఏడు ఆఖరి రోజు సాయంత్రం టీచరమ్మ ఎక్కడో గుడ్లగూబను చూసి ఒక్క పక్షితో గెలిచింది. ఆ ఓటమి గంగప్పకు ఇంకా మింగుడు పడలేదు. వెండికప్పు మంత్రిగారు తీసుకున్నా సరే, టీచరమ్మ కంటే తనకు ఒక్క పక్షి ఎక్కువుంటే చాలు. ఈ ఏడు అతను దేవుణ్ణి కోరుకున్నది అదొక్కటే.

"ఈ తూరి మన నోటుబుక్కులు లెక్కకు రావు టీచరమ్మా. సర్కారు లెక్కే మన లెక్క. పక్కా రికార్డు" అన్నాడు.

"నీ ఇష్టమప్పా. యా లెక్కలో ఓడినా దోసె రుచి ఒకటే" అంది నాగరత్న.

పోటీ నిర్వహణకు స్పెషల్ ఆఫీసరుగా అచ్యుతగారిని వేశారు. ఆయన అంతకుముందు కరువు నివారణ చూసేవారు. కరువు బాగా నడిపించినందుకు ఈ ప్రమోషన్. నిబంధనల కమిటీలో, హాజరు పట్టీల అనుభవం ఉందని గంగప్పను కూడా కూర్చోబెట్టారు. ఏడో నిబంధన దగ్గర అతను ధైర్యం చేసి లేచాడు.

"సార్, మా గనిలో ఒక రూలుండాది. ఒక పేరు రెండు మస్టర్లలో ఉండకూడదు. చాంపియన్ రీఫ్ గనిలో హాజరైనోడు అదే షిఫ్టులో కోరమండల్ గనిలో ఉంటే అది మోసం. పక్షులకు గూడా అదే పెడితే బాగుంటాది."

ఒకే పక్షిని ఒక మనిషి రెండుసార్లు రాసుకోకూడదని అతని ఉద్దేశం. అచ్యుతగారు బల్ల చరిచారు. "బ్రిలియంట్! ఒక పక్షి, ఒక మస్టరు. లా డిపార్ట్‌మెంటుకు కూడా తట్టలేదిది." అచ్చులో పడేసరికి ఏడో నిబంధన ఇలా తయారైంది: ఒక జాతి పక్షి ఒక్క పోటీదారు పట్టీలో మాత్రమే ఉండవలెను, ఇద్దరు రాసినచో హోదాలో పెద్దవారి పట్టీ చెల్లును.

గంగప్ప తన మాట మీద ఒక రూలు వచ్చినందుకు పొంగిపోయి, ఆ కాగితాన్ని ఇంట్లో దేవుడి పటం పక్కన అంటించాడు. దాని అర్థం గురించి అప్పటికి అతను ఆలోచించలేదు.

ఫిబ్రవరిలో మంత్రిగారు బేతమంగళ చెరువుకు విచ్చేశారు. పదకొండు కార్లు, ముందు ఒక సైరన్. ఆ సైరన్ వినగానే చెరువులోని పక్షులన్నీ గౌరవసూచకంగా ఒక్కసారిగా లేచాయి. లేచినవి ఆ రోజుకు మళ్ళీ కూర్చోలేదు. మంత్రిగారు గట్టు మీద నిలబడి, మూతలు తియ్యని బైనాక్యులర్స్ కళ్ళకు పెట్టుకొని చెరువంతా కలయజూశారు.

"అంతా నల్లగా ఉండాదే అచ్యుతా. కాకులు జాస్తి ఉండినట్టుండాది."

"కాకులే సార్" అన్నారు అచ్యుతగారు. మంత్రిగారి పట్టీలో మొదటి పక్షి అలా చేరింది. భోజనాలు అయ్యేసరికి ముప్పై నాలుగు చేరాయి.

అయితే రాష్ట్రం బరువంతా భుజాన మోసే మనిషి ప్రతి పిట్ట దగ్గరికీ పోలేరు కదా. అందుకని ఫైళ్ళ మీద సంతకాలు పెట్టినట్టే, మంత్రిగారి తరఫున పక్షుల్ని చూసే అధికారం కిందివాళ్ళకు ఇస్తూ ఆర్డరు వేశారు. ముళబాగిలు తాలూకాఫీసు నుంచి, కురుడుమలె గోపురం మీద రెండు రకాల గుడ్లగూబల్ని మంత్రిగారి తరఫున చూశామని టెలిగ్రామ్ వచ్చింది. లక్కూరు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు పొలాలన్నీ తిరిగి పదిహేను రకాల పిట్టల్ని చూశాడు. పశువైద్యశాల వాళ్ళు నాటుకోడిని, ఫారంకోడిని, సీమకోడిని వేర్వేరుగా చూసి, మూడు జాతులుగా పంపారు. మంత్రిగారు బెంగళూరులోనే కూర్చొని రోజుకు నాలుగైదు పక్షుల్ని చూడసాగారు. ఆయన దూరదృష్టిని పత్రికలన్నీ కొనియాడాయి.

ఏప్రిల్‌లో గంగప్పకు మొదటి సర్క్యులర్ వచ్చింది. కాకి, గోరింక, పాలపిట్ట మొదలైన ముప్పై నాలుగు పక్షులు ఏడో నిబంధన ప్రకారం మాన్య మంత్రివర్యుల మస్టరుకు బదిలీ అయ్యాయని, వాటిని అతని పట్టీలోంచి కొట్టివేశామని అందులో ఉంది. గంగప్ప దాన్ని మూడుసార్లు చదివి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. పరుగున బడికి పోతే, టీచరమ్మ చేతిలోనూ అదే సర్క్యులర్ ఉంది.

"రూలు ఎవురు పెట్టించింది గంగప్పా?" అంది ఆమె నవ్వాపుకోలేక.

ఆ తర్వాత వారం వారం సర్క్యులర్లే. జూన్‌లో కొంగలు పోయాయి. ఆగస్టులో నెమలి పోయింది. ఒక రోజు పిచ్చుక కూడా పోయింది.

"ఇంట్లో పటం ఎనక గూడు కట్టుకోనుండే పిచ్చుక గూడా మంత్రిదేనా?" అని అడిగింది మునిలక్ష్మమ్మ.

"రూలు ప్రకారం మంత్రిదే."

"అయితే అది రాల్చే గడ్డి గూడా ఆయప్పనే వచ్చి ఊడ్చమను."

నూట అరవై మూడు పక్షుల గంగప్ప అక్టోబరుకు పదకొండు పక్షుల గంగప్ప అయ్యాడు. నూట అరవై రెండు చూసిన నాగరత్నకు పది మిగిలాయి. అతనికి ఏడుపొచ్చినంత పనయింది గానీ, ఒక్క పక్షి తేడా అలాగే నిలిచి ఉందన్న సంగతి గమనించి ధైర్యం తెచ్చుకున్నాడు. నవంబరులో లెక్క అయిదుకు నాలుగు. డిసెంబరు ఇరవయ్యో తేదీ సర్క్యులర్‌తో ఒకటికి సున్నా.

ఒకటికి సున్నా! గంగప్ప టైమాఫీసులోనే గట్టిగా ఈల వేశాడు. ఆరేళ్ళ తర్వాత టీచరమ్మ మీద గెలుపు. తర్వాత మిగిలిన ఆ ఒక్క పక్షి ఏదో చూసుకున్నాడు. చూసుకోగానే ఈల ఆగిపోయింది.

అది బట్టమేక పిట్ట. గొర్రెపిల్లంత ఎత్తుండే, ఎక్కడా దొరకని పక్షి. మార్చిలో క్యాసంబళ్ళి బయటి బీళ్ళలో దాన్ని చూసినట్టు గంగప్ప రాశాడు. ఆ రోజు పొద్దున టీచరమ్మ రెండు పక్షులు ముందుంది. దూరాన పొద మీద గోధుమరంగుగా ఏదో కదిలింది. బట్టమేకే అనుకొని నోటుబుక్కు తీసి రాసేశాడు. దగ్గరికి పోయి చూస్తే, గొర్రెల కాపరి ఎవరో ఆరేసుకున్న కంబళి. కొట్టేద్దామని పెన్ను తీసి, రేపు కొట్టేద్దాంలే అనుకొని జేబులో పెట్టుకున్నాడు. ఆ రేపు ఇంతవరకు రాలేదు.

మంత్రిగారి మనుషులు దాని జోలికి ఎందుకు రాలేదో కూడా అతను విచారించి తెలుసుకున్నాడు. అంత అరుదైన పక్షిని మంత్రి చూశారంటే ఢిల్లీ నుంచి ప్రశ్నలొస్తాయని భయపడి అచ్యుతగారు వదిలేశారట. నూట అరవై రెండు నిజమైన పక్షులు పోయి, ఒక్క దొంగ హాజరు మిగిలింది. ఆ వారమంతా గంగప్పకు అన్నం సహించలేదు.

ఇంతలో రాజధానిలో మంత్రివర్గం మారింది. ఓబలప్పగారి పదవి పోయింది. ఆయన స్థానంలో చిక్కవెంకటప్పగారు ఇరవై ఎనిమిదో తేదీన ప్రమాణం చేసి, శాస్త్రోక్తంగా చార్జి తీసుకున్నారు. ఆ కాగితం మీద ఇలా ఉంది: కుర్చీలు పన్నెండు, ఫ్యాన్లు మూడు, అంబాసిడర్ కారు ఒకటి, పక్షులు రెండు వందల నలభై ఒకటి; అన్నియూ మంచి స్థితిలో ముట్టినవి.

ముప్పై ఒకటో తేదీన అదే మైదానంలో బహుమతి ప్రదానం జరిగింది. మూడే రోజుల్లో రెండు వందల నలభై ఒక్క పక్షుల్ని చూసిన చిక్కవెంకటప్పగారి చురుకుదనాన్ని అచ్యుతగారు గద్గద స్వరంతో వర్ణించారు. ఒక పక్షి రెండు మస్టర్లలో ఉండరాదు కాబట్టి ఓబలప్పగారి ఖాతాలో సున్నా మిగిలింది. నాలుగో వరుసలో కూర్చున్న ఆయన అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు. అలవాటు.

"ద్వితీయ స్థానం, గని టైమాఫీసు గంగప్ప! ఒక పక్షి!"

నాగరత్న లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టింది. "పోప్పా, పో! ఇన్నేండ్లకు గెలిచినావు. రేపు దోసె ఖర్చు నాదే" అంది. ఆమె ముఖంలో నిజమైన సంతోషం కనబడింది. అదే గంగప్పను చంపేసింది. వేదిక ఎక్కి, రెండో బహుమతి కప్పు అందుకోకుండా మైకు అందుకున్నాడు.

"అందురూ మన్నించండప్పా. ఆ పక్షిని నేను చూడలేదు. అది పొద మింద ఆరేసిన కంబళి. రాని మనిషికి నేను యా దినమూ హాజరు వెయ్యలేదు. ఈ తూరి వేసినాను. తప్పు నాదే. కొట్టేయండి."

గంగప్పకు గుండె మీద బండ దించినట్టయింది. అచ్యుతగారి ముఖం మాత్రం తెల్లబడింది. సర్కారు అచ్చేసిన పట్టీలో తప్పుంటే ఎవరి ఉద్యోగం పోతుందో ఆయనకు తెలుసు. మంత్రిగారి పీఏ వంగి మంత్రిగారి చెవిలో ఏదో ఊదాడు. చిక్కవెంకటప్పగారు చిరునవ్వుతో మైకు దగ్గరికి వచ్చారు.

"గంగప్ప వినయానికి చెప్పినాడు గానీ, ఆ పక్షి ఉండాది. పొద్దున్నే క్యాసంబళ్ళి దారిలో నేనే కండ్లారా చూసినాను. గొర్రెలు తోలేవాడొకడు దాన్ని భుజం మింద వేసుకొని పోతావుండె."

చప్పట్లతో షామియానా ఊగింది. అక్కడికక్కడే ఏడో నిబంధన ప్రకారం ఆ పక్షి మంత్రిగారి మస్టరుకు బదిలీ అయ్యింది. మొత్తం రెండు వందల నలభై రెండు. గంగప్ప సున్నా, నాగరత్న సున్నా, ఓబలప్పగారు సున్నా. అచ్యుతగారు పట్టీ తెచ్చి గంగప్ప ముందు పెట్టారు. "సాక్షి సంతకం చేసెయ్యప్పా. మొదట చూసింది నువ్వే కదా."

"కంబళి అని రాస్తేనే చేస్తాను సార్."

"అట్లే రాయి. పేరుతో మాకేం పని?"

గంగప్ప స్పష్టంగా, గుండ్రటి అక్షరాలతో కంబళి అని రాసి, సంతకం చేసి దిగాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇంత తృప్తిగా అతను సంతకం చేసింది లేదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ రాబర్ట్‌సన్‌పేట హోటల్లో కూర్చున్నారు. సున్నాకు సున్నా కాబట్టి ఎవరి దోసె వాళ్ళదే అని తీర్మానించుకున్నారు. చలి కొరికేస్తోంది. కొత్త నోటుబుక్కులు బల్ల మీద ఉన్నాయి. వస్తూ వస్తూ చూసిన కాకిని ఇద్దరూ రాసుకున్నారు. పోయిన ఏడంతా తప్పిపోయిన మనిషి ఇంటికొచ్చినట్టు గంగప్పకు ఆ కాకిని చూస్తే ముద్దొచ్చింది.

నాగరత్న పేపరు విప్పి పైకి చదివింది. "జిల్లాలో అరుదైన పక్షి కంబళి. స్వయంగా కనుగొన్న మంత్రి చిక్కవెంకటప్ప. దీనికి సర్కారు రక్షణ కల్పిస్తూ రాత్రికి రాత్రే ఉత్తర్వులు జారీ. ఇళ్ళలో కంబళి ఉన్నవారు తక్షణం తాలూకాఫీసులో అప్పగించవలెను. భుజాన వేసుకొని తిరిగేవారికి ఆరు నెలలు కఠిన..."

ఆమె చదవడం ఆపింది. హోటలు బయట ఇద్దరు ఫారెస్టు గార్డులు సైకిళ్ళు స్టాండు వేస్తున్నారు. నాగరత్న అటు చూసింది, ఇటు చూసింది, బల్ల మీదికి వంగి గొంతు తగ్గించింది.

"గంగప్పా, ఆ కప్పుకోనుండేది మెల్లిగా తీసి బల్ల కింద పెట్టప్పా."