బండ్లు రాని దారికి వచ్చిన బండ్లు

కొండల నడుమ ఏరు మెలికలు తిరుగుతూ పారే ఒక పెద్ద అడవిలో సన్యాసమ్మ అనే ఏదుపంది ఉండేది. ఆమె మంత్రసాని. చుట్టుపక్కల కొండల మీద ఎవరికి నొప్పులు మొదలైనా సైకిలెక్కి వెళ్ళి పురుడు పోసి వచ్చేది. ఒళ్ళంతా ముళ్ళున్న మంత్రసాని ఏమిటని కొత్తవాళ్ళు కంగారు పడేవాళ్ళు గానీ, ఆమె ముళ్ళు వెనక్కి దువ్వుకుని, చేతులు కడుక్కుని పక్కన కూర్చుంటే ఆ కంగారు పోయేది.

ఆ అడవిలో పెద్ద రోడ్డు ఒకటి ఉంది. దాని మీద పొద్దస్తమానం వెదురు లారీలు తిరిగేవి. సైకిలు కనిపిస్తే చాలు, హారన్ కొట్టి మరీ పక్క కాలవలోకి దింపేవి. అందుకని సన్యాసమ్మ ఏటి గట్టు దారి పట్టేది. సన్నటి గులకరాళ్ళ దారి అది. ఏరు ఎటు తిరిగితే అటు తిరుగుతుంది. కొండ అడ్డొస్తే దాన్ని చుట్టుకుని మెల్లగా పైకెక్కుతుంది. చక్రాల కింద రాళ్ళు కరకరలాడడం, పక్కన నీళ్ళ చప్పుడు, అంతే. సైకిలున్న కుందేళ్ళూ ఉడతలూ ముంగిసలూ అందరూ ఆ దారినే పోయేవాళ్ళు. దాని గురించి మాత్రం ఎవరూ ఎక్కడా మాట్లాడేవాళ్ళు కాదు.

సన్యాసమ్మ మాట్లాడింది. అదీ ఆమె చేసిన పొరపాటు.

వెయ్యో పురుడు పోసిందని అడవి సమితి ఆమెకు శాలువా కప్పింది. సమితి అధ్యక్షుడు భద్రయ్య అనే అడవిదున్న. ఇన్ని కొండలు ఎక్కి దిగుతూ ఎక్కడా ఆలస్యం కాకుండా ఎలా చేరుకుంటున్నావని ఆయన మైకులో అడిగాడు. శాలువా సంబరంలో ఆమె ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"ఏటి గట్టు దారి బాబూ. ఒక్క బండి రాదు. ఆ దారిన పోతుంటే నా వయసు నాకే గుర్తు రాదు."

వేదిక చివరి కుర్చీలో పరాంకుశం అనే నక్క కూర్చుని ఉన్నాడు. ఆయన దారుల శాఖ అధికారి. శాఖ పెట్టి ఆరేళ్ళయినా ఒక్క దారీ వెయ్యలేదు. అవతల ఉపాధ్యక్ష పదవి ఖాళీ కాబోతోంది, చూపించుకోవడానికి ఒక ఘనకార్యం కావాలి. అప్పటికే ఉన్న దారినే వేసినట్టు చూపిస్తే సరిపోతుందని ఆయనకు ఆ క్షణంలో తట్టింది. లేచి నిలబడి, ఆ దారిని వాహన రహిత ఆహ్లాద సైకిల్ మార్గంగా తీర్చిదిద్దుతామని ప్రకటించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఉడతలు మాత్రం సన్యాసమ్మ వంక అదోలా చూశాయి.

మొదట బోర్డులు వచ్చాయి. 'ఈ దారిలో వాహనాలు నిషిద్ధం' అని రాసిన బోర్డులు. వాటిని లారీల్లో తెచ్చారు.

తరవాత తనిఖీ జరిగింది. గులకరాళ్ళన్నీ ఒకే సైజులో లేవని తేలింది. ఏరు కొన్ని వందల ఏళ్ళు దొర్లించి నునుపు చేసిన రాళ్ళను తవ్వి ఎత్తేసి, వాటి స్థానంలో ఒకే సైజు రాళ్ళు పోశారు. అవి కత్తుల్లాంటి అంచులున్న రాళ్ళు. వారం తిరక్కుండా సన్యాసమ్మ సైకిలు ట్యూబుకు ఏడు పంక్చర్లు పడ్డాయి.

వాహనాలను ఆపడానికి గేటు పెట్టారు. గేటు దగ్గర కోతుల్ని కాపలా పెట్టారు. కాపలా కోతులు జీపులో వచ్చేవి. ఆ జీపు నిలపడానికి చోటు కావాలని దారిలో సగం చదును చేశారు. ఇంతా చేసి ఆ దారిన రోజుకు ఎన్ని బండ్లు వెళుతున్నాయో లెక్కపెట్టడానికి మూడు జీపుల్లో ఒక బృందం దిగింది. నెల్లాళ్ళు అటూ ఇటూ తిరిగి, రోజుకు సరిగ్గా మూడు జీపులు తిరుగుతున్నాయని నివేదిక ఇచ్చింది. పరిస్థితి ఆందోళనకరంగా ఉందనుకున్న పరాంకుశం ఇంకో రెండు జీపులు పంపించాడు.

సన్యాసమ్మ రెండుసార్లు ఆఫీసుకు వెళ్ళి, ఆ దారిని దాని మానాన వదిలెయ్యమని వేడుకుంది. దారి నీదేనమ్మా, నీ కోసమేగా ఇదంతా అని పరాంకుశం ఆమెకు టీ ఇప్పించి పంపాడు.

ప్రారంభోత్సవం నాటి పొద్దున్నే అప్పన్న అనే కుందేలు రొప్పుకుంటూ ఆమె ఇంటికొచ్చాడు. పై కొండ మీద అతని భార్య నూకాలుకు నొప్పులు మొదలై చాలాసేపయింది. బిడ్డ అడ్డం తిరిగినట్టుందని పక్కింటి ముసలమ్మ చెప్పిందట. సన్యాసమ్మ సంచీ భుజాన వేసుకుని, అప్పన్నను వెనక కూర్చోబెట్టుకుని ఏటి గట్టుకు తొక్కింది.

గేటు మూసి ఉంది. అధ్యక్షుల వారు మొదటగా సైకిలు తొక్కి ప్రారంభించేదాకా ఈ దారిలో సైకిళ్ళను వదలకూడదని ఉత్తర్వు అంది కాపలా కోతి.

"పురుడు, నాయనా. తల్లీ బిడ్డా ఇద్దరి ప్రాణాలు," అంది సన్యాసమ్మ.

కోతి మంచిదే. మొహం చిన్నబుచ్చుకుని, గేటు తెరిచినా దారి లేదని చూపించింది. గేటు అవతల నలభై జీపులు ఒకదాని మూతికి ఒకటి ఆనుకుని ఇరుక్కుని ఉన్నాయి. వాటి ముందు భద్రయ్య పుట్టాక మొదటిసారి సైకిలెక్కుతున్నాడు. ఇద్దరు చెరోవైపు పట్టుకున్నారు. ఆయన కూర్చోగానే సైకిలు నేలకు అతుక్కుపోయింది. ఇంకో సైకిలు తెప్పించడానికి ఇంకో జీపు బయల్దేరింది.

సన్యాసమ్మ వెనక్కి తిరిగింది. ఇంక మిగిలింది పెద్ద రోడ్డే. లారీల కింద పడినా సరేననుకుని గుండె చిక్కబట్టుకుని ఎక్కింది. రోడ్డు మీద ఒక్క లారీ లేదు. జనాన్ని తరలించడానికి అడవిలోని లారీలన్నిటినీ ఏటి గట్టుకే తోలారు. నల్లటి రోడ్డు నున్నగా, ఖాళీగా పై కొండ దాకా పరుచుకుని ఉంది. ఆమె ఆగకుండా తొక్కింది. వెనక అప్పన్న ఏడుస్తూనే ఉన్నాడు.

నూకాలుకు స్పృహ తప్పుతున్న వేళకు చేరారు. అడ్డం తిరిగిన బిడ్డను సన్యాసమ్మ మెల్లగా సరిచేసింది. అయిదుగురు పుట్టారు. నాలుగోది కదల్లేదు. ఆమె దాన్ని అరచేతుల్లో పెట్టుకుని రుద్దుతూ, నోట్లోకి ఊపిరి ఊదుతూ ఉండిపోయింది. చాలాసేపటికి అది చిన్నగా తుమ్మింది. అప్పుడు ఆమె గోడకు చేరగిలబడి కళ్ళు తుడుచుకుంది. ఇంకో గంట ఆలస్యమైతే ఏమయ్యేదో తలచుకుంటే, భయం పోయి కోపం వచ్చింది. అంత కోపం ఆమెకు ఎన్నడూ రాలేదు.

నెల తరవాత సమితి సమావేశం జరిగింది. ప్రారంభించాక ఆ మార్గంలో ఒక్క సైకిలూ వెళ్ళలేదని నివేదిక చెప్పింది. ఇంత చేస్తే సైకిళ్ళవాళ్ళు ఎటు పోయారని భద్రయ్య గర్జించాడు. పరాంకుశం సన్యాసమ్మను పిలిపించి, ఈ మధ్య ఏ దారిన పోతున్నావో చెప్పమని తియ్యగా అడిగాడు.

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. తరవాత చేతులు కట్టుకుని, అమాయకంగా మొహం పెట్టింది.

"నేరేడు కొండ వెనక ఒక బాట ఉంది బాబూ. మూడు మలుపులు. పక్కనే సెలయేరు. అంత చక్కటి దారి ఈ అడవిలో ఇంకోటి లేదు."

పరాంకుశం మొహం పాలిపోయింది. నేరేడు కొండ వెనక ఆయన ఇల్లుంది. ఎవరికీ చెప్పకుండా సమితి స్థలంలో కట్టుకున్న ఇల్లు. ఆ బాట మీదే ఆయన జీపు వెళ్ళేది. అభ్యంతరం చెబితే అక్కడ ఇల్లెందుకుందో చెప్పాలి. గొంతు సవరించుకుని, ఆ దారి అంత బాగుండదేమోనన్నాడు.

"నువ్వెప్పుడు చూశావు?" అన్నాడు భద్రయ్య.

పరాంకుశం చూడలేదన్నాడు.

ఆ వారంలోనే బోర్డులూ గేటూ కోతులూ జీపులూ అన్నీ ఏటి గట్టు నుంచి నేరేడు కొండకు తరలిపోయాయి. వానాకాలం ఏరు పొంగి, ఒకే సైజు రాళ్ళను లాక్కుపోయి తన రాళ్ళను తెచ్చి పోసింది. ఉడతలు సన్యాసమ్మతో మళ్ళీ మాట్లాడసాగాయి.

నేరేడు కొండ గేటు దగ్గర మొదటి రోజే పరాంకుశం జీపును ఆపారు. ఎంతటివారైనా సరే వాహనం వదలకూడదని ఉత్తర్వు. కింద సంతకం ఆయనదే. సైకిలైతే వదులుతామంది కోతి. ఆయనకు సైకిలు రాదు. ఫైళ్ళు నెత్తిన పెట్టుకుని మూడు మలుపులూ నడిచి ఎక్కాడు. ఇప్పటికీ రోజూ ఎక్కుతూనే ఉన్నాడు. ఆరోగ్యం చాలా బాగుపడిందని, ఆ మార్గం వల్ల కలిగిన ప్రజా ప్రయోజనాల కింద ఈ ఏటి నివేదికలో రాశారు.

నీతి: మంచి దారి దొరికితే పైకి మెచ్చుకోకూడదు, తప్పక మెచ్చుకోవలసి వస్తే అధికారి ఇంటి ముందు దారిని మెచ్చుకోవాలి.