రాజుగారి చలి ప్రాక్టీసు

రోహిణీ కార్తె ఇంకా మొదలు కాలేదు గాని ఎండలు మాత్రం ముందే వచ్చేశాయి. అలాంటి ఒక ఉదయం శివరామరాజుగారు కాఫీ గ్లాసు కింద పెట్టి కొత్త కార్యక్రమం ప్రకటించారు.

"మాణిక్యం, రేపట్నుంచి మనిద్దరం చలి ప్రాక్టీసు చెయ్యాలి."

రత్నమాణిక్యంగారు ఉల్లిపాయలు తరగడం ఆపలేదు. భీమవరం పక్క ఊళ్ళో ఆ రొయ్యల చెరువుల ఇంటికి కోడలై వచ్చిన నాటి నుంచీ ఆవిడ ఇలాంటి ప్రకటనలు వింటూనే ఉన్నారు. చాలావాటికి ఉల్లిపాయలు తరుగుతూ ఉండటమే సరైన సమాధానమని ఎప్పుడో కనిపెట్టారు.

విషయం ఏమిటంటే, వచ్చే నెలలో దంపతులిద్దరూ అలాస్కా వెళ్ళే ఓడ ఎక్కబోతున్నారు. ఇంటెడు మంచుగడ్డ విరిగి సముద్రంలో పడటం మాణిక్యంగారు ఒకసారి టీవీలో చూశారు. అప్పట్నుంచీ దాన్ని కళ్ళారా చూడాలని ఆవిడకి ఒకటే కోరిక. పెళ్ళయ్యాక ఆవిడ చూసిన ఊళ్ళన్నీ గుడి ఉన్నవి, లేకపోతే ఆక్వా ఎగ్జిబిషన్ ఉన్నవి. గుడికి వెళ్తే దేవుడి ముందు, ఎగ్జిబిషన్‌కి వెళ్తే చెరువు నీళ్ళకి గాలి కొట్టే ఏరేటర్ల ముందు చేతులు కట్టుకుని నిలబడి తిరిగొచ్చారు. ఇప్పుడు అన్నగారు శ్రీనివాసరాజు, వదినగారు అలాస్కా వెళ్తున్నారని తెలిసి, జీవితంలో మొదటిసారి "నేనూ వెళ్తాను" అన్నారు. ఆ అన్నగారి అబ్బాయి సందీప్ రాజమండ్రిలో ట్రావెల్స్ నడుపుతున్నాడు. టిక్కెట్లు, వీసాలు అన్నీ వాడే చూశాడు.

రాజుగారికి చలంటే భయం. ఆ మాట ఆయన చచ్చినా ఒప్పుకోరు. అందుకని అలాస్కానే తప్పుపడుతూ వచ్చారు.

"అక్కడ ఊపిరి వదిలితే గడ్డకట్టి కింద పడిపోతుందట. సాంబారు గరిటెతో కాదు, గునపంతో తియ్యాలట. తెల్ల ఎలుగుబంట్లు ఓడ మీదకి ఎక్కేస్తాయట. ఇంక చూసేదేముంది, గదిలో రగ్గు కప్పుకుని పడుకోవడమే."

"ఇవన్నీ ఎవరు చెప్పారండీ?"

"పల్లంరాజు."

పల్లంరాజుగారు అలాస్కా వెళ్ళలేదు. ఆయనకి ఊళ్ళో ఐస్ ఫ్యాక్టరీ ఉంది. ప్రపంచంలో ఐసు ఎక్కడున్నా దాని గురించి ఆయనకి తెలుస్తుందని రాజుగారి నమ్మకం.

"ఆ నెలలో అక్కడ మన డిసెంబరు పొద్దుల్లా ఉంటుందని సందీప్ మెసేజీ పెట్టాడు కదండీ. ఓడలో వేడినీళ్ళ స్విమ్మింగ్ పూలు కూడా ఉందట."

"టిక్కెట్లు అమ్మేవాడు చలేస్తుందని చెప్తాడా?"

"వాడు మన మేనల్లుడండీ!"

"మేనల్లుడే. టిక్కెట్లు అమ్మే మేనల్లుడు." ఆ మెసేజీని రాజుగారు తెరిచి కూడా చూడలేదు. "నువ్వే చెప్పు. రొయ్యపిల్లని తెచ్చి తిన్నగా చెరువులో పోసేస్తామా? సంచీలు నీళ్ళ మీద తేలేసి, కాసేపు అలవాటు చేసి, అప్పుడు వదుల్తాం. లేకపోతే పిల్లంతా చచ్చి ఊరుకుంటుంది. మనమూ అంతే."

"మనం రొయ్యలం కాదండి."

"ప్రాణం ఎవరిదైనా ప్రాణమే."

మర్నాడు తెల్లవారకముందే ఇద్దరూ పల్లంరాజుగారి ఐస్ ఫ్యాక్టరీకి బయల్దేరారు. రాజుగారు రెండు స్వెట్టర్లు తొడిగి, పైన రగ్గు కప్పి, తలకి మంకీ క్యాపు పెట్టారు. మే నెలలో మంకీ క్యాపు అడిగితే బట్టల కొట్టువాడు అటక మీంచి దింపి, దుమ్ము దులిపి, జాలిగా చూసి ఇచ్చాడు. ఐసు దిమ్మలు పేర్చిన గదిలో మాణిక్యంగారు మామూలు నూలుచీరతో కాసేపు నిలబడ్డారు.

"చల్లగా హాయిగా ఉందండి. నాకు అలవాటైపోయింది," అని ఇంటికెళ్ళి ఇడ్లీలు వేసుకున్నారు.

ఆడమనిషికి అంత తొందరగా అలవాటైపోవడం రాజుగారి పౌరుషానికి తగిలింది. రోజూ ఒక్కరే వెళ్ళి, ఆవిడ కంటే ఎక్కువసేపు దిమ్మల మధ్య కూర్చోవడం మొదలుపెట్టారు. రొయ్యపిల్లని అలవాటు చేసేటప్పుడు సంచీలకి మూతలు కప్పకూడదు కదా అని, ఒక్కో రోజు ఒక్కో స్వెట్టరు తీసేశారు కూడా. ఈ సంగతి ఊళ్ళో తెలిస్తే పరువు దక్కదని మొహానికి రగ్గు చుట్టుకుని వెనక తలుపులోంచి వెళ్ళేవారు. ఎవరికీ చెప్పొద్దని ఫ్యాక్టరీలో పనిచేసే బుల్లియ్యతో ఒట్టు వేయించుకున్నారు. ఒట్టు వేయించుకుంటే గాని అక్కడ చెప్పకూడనిది ఏదో ఉందని బుల్లియ్యకి తోచలేదు.

రాజుగారి పక్క చెరువు సత్తియ్యది. అతను ఒకరోజు ఆ చీకట్లో రాజుగారిని నడకని బట్టి గుర్తుపట్టాడు. వెళ్ళి బుల్లియ్యని అడిగితే, "నేను ఒట్టేశానండి, చెప్పకూడదు" అన్నాడు. అంతే, సత్తియ్య గుండె జారిపోయింది. రొయ్యల ఊళ్ళో మొహం కప్పుకుని ఐసుగదికి వెళ్ళే రైతు ఎందుకు వెళ్తాడు? చెరువుకి తెగులు తగిలి ఉంటుంది. నలుగురికీ తెలిసి రేటు పడకముందే గుట్టుగా సరుకు పట్టేసి, ఐసులో దాస్తూ ఉంటాడు. సత్తియ్య ఈ మాట ఎవరికీ చెప్పొద్దని టీ కొట్టులో ఉన్న అందరికీ చెప్పాడు.

టిఫిన్ల వేళకి రైతులంతా రాజుగారి అరుగు మీద ఉన్నారు. వచ్చినవాళ్ళకి పెట్టకుండా పంపడం ఆ ఇంటా వంటా లేదు కాబట్టి, ఎందుకొచ్చారని అడగకుండానే పెసరట్లు వచ్చాయి. రాజుగారు లోపల్నుంచి వచ్చారు. కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. ముక్కు తుడుచుకుంటున్నారు. గొంతు సగం పోయింది. పాపం ఏడ్చారనుకున్నారు రైతులు.

"మాకు అంతా తెలిసిపోయిందండి. ధైర్యంగా ఉండాలండి రాజుగారూ," అన్నాడు సత్తియ్య.

చలి ప్రాక్టీసు బయటపడిపోయిందనుకున్నారు రాజుగారు. ఆయనకి ప్రాణం కొంచెం తేలికైంది కూడా.

"ఏం ధైర్యమయ్యా! లోపల నా బాధ నాకే తెలుసు. పైకి చెప్పుకోలేక వారం పైనుంచీ కుమిలిపోతున్నాను."

"వారం నుంచాండి! అమ్మగారికి తెలుసాండి?"

"తెలుసు. ఆవిడ హాయిగా ఉందంటుంది."

రైతులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నష్టం ఎంత పెద్దదైతే అమ్మగారికి మతి చలించి ఉంటుంది!

"మరిప్పుడు ఏం చేస్తారండి?"

"చేసేదేముంది? వచ్చే నెలలో దేశం దాటిపోవడమే. టిక్కెట్లు తీసుకోవడం కూడా అయిపోయింది. మళ్ళీ ఈ అరుగు మీద కూర్చుంటానో లేదో ఆ భగవంతుడికే తెలియాలి."

ఆ ఇంట్లో మొదటిసారిగా పెసరట్లు సగంలో మిగిలిపోయాయి. తెగులు తమ చెరువులకీ పాకకముందే బయటపడాలని మధ్యాహ్నానికి ప్రతి చెరువులోనూ వలలు దిగాయి. ఇంకా వేలెడు కూడా ఎదగని రొయ్యల్ని పట్టేశారు. పల్లంరాజుగారి ఐసు మొత్తం అయిపోయింది. ఒక్కసారిగా అంత సరుకు రోడ్డు మీదకి రావడం చూసి కొనేవాళ్ళు రేటు దించేశారు. రాజుగారు ఎక్కడ పారిపోతారోనని అరువు మీద మేత అమ్మే త్రిమూర్తులు కుర్చీ తెచ్చుకుని గేటు ముందే కూర్చున్నాడు.

సాయంత్రం పూల కోసం బయటికొచ్చిన మాణిక్యంగారికి ఆ కుర్చీ కనిపించింది. ఆవిడ అడిగారు, త్రిమూర్తులు చెప్పాడు. ఆవిడ రైతులందర్నీ పిలిపించి తమ చెరువు గట్టు మీదకి తీసుకెళ్ళి, రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే ట్రే పైకి లాగించారు. రొయ్యలు చెంగుచెంగున ఎగిరి సత్తియ్య చొక్కా మీద పడ్డాయి.

"మరి రాజుగారు రోజూ చీకట్నే ఐస్ ఫ్యాక్టరీకి ఎందుకెళ్తున్నారండి?"

ఆవిడ చెప్పారు. ముందు త్రిమూర్తులు నవ్వాడు, వాడి వెనక ఊరంతా నవ్వింది. చెరువు ఖాళీ చేసుకున్న సత్తియ్యకి మాత్రం నవ్వు రాలేదు. రాజుగారిని నిలదీయాలని ఇంటికి వెళ్ళాడు గాని, అప్పటికే ఆయన పళ్ళు టకటకలాడిస్తూ మంచం మీద ఉన్నారు.

డాక్టర్ ఆశీర్వాదంగారు వీపు మీద స్టెత్ పెట్టి, "ఏ ఊరు వెళ్ళొచ్చారండి, సిమ్లాయా?" అన్నారు.

"పల్లంరాజు ఐస్ ఫ్యాక్టరీకి," అన్నారు మాణిక్యంగారు.

"ఛాతీలో నెమ్ము చేరింది. ఇప్పట్లో విమానం మాట తలపెట్టకండి."

రాజుగారికి లోపల పెద్ద బరువు దిగినట్టయింది. ఆ సంతోషం బయటపడకుండా రగ్గు గడ్డం దాకా లాక్కున్నారు.

"వచ్చే ఏడాది చూద్దాంలే మాణిక్యం. ఆ మంచుకొండ ఎక్కడికి పోతుంది?"

మాణిక్యంగారు మంచం దగ్గరే కూర్చుని తరుగుతున్న ఉల్లిపాయ పక్కన పెట్టారు. ఆవిడ అలా పక్కన పెట్టడం ఆయన ఎప్పుడూ చూడలేదు.

"అది రోజూ కొంచెం విరిగి పోతూనే ఉందండి. నేను చూడాలనుకున్నదే అది." ఆవిడ చేతులు చీరకొంగుకి తుడుచుకున్నారు. "పనికొచ్చే లోవమ్మ మీకు జావ కాచిపెడుతుంది. నేను అన్నయ్యావాళ్ళతో వెళ్తున్నాను."

ఆయన ఏదో అనబోయారు. ఇన్నేళ్ళలో ఆవిడ తనని ఏమీ అడగలేదని అప్పుడే గుర్తొచ్చి, సిగ్గేసి, దగ్గు వచ్చినట్టు నటించారు. కాసేపటికి అది నిజం దగ్గే అయింది.

జూన్ మొదట్లో ఒక ఉదయం వీడియో కాల్ వచ్చింది. అక్కడ రాత్రి భోజనాలు అయిపోయాయట, అయినా ఇంకా ఎండ పోలేదు. మాణిక్యంగారు నూలుచీర మీద పల్చటి శాలువా వేసుకుని ఓడ పైభాగంలో నిలబడ్డారు. వెనక స్విమ్మింగ్ పూలులో తెల్ల ముసలాళ్ళు చిన్నపిల్లల్లా నీళ్ళు చల్లుకుంటున్నారు.

"ఎలుగుబంట్లు ఎక్కాయా?" అన్నారు రాజుగారు, కొంచెం ఆశగా.

"లేదండి. పప్పూ అన్నం అడిగితే చేసిపెట్టారు. సాంబారు గరిటెకే వచ్చింది."

అంతలో ఉరుము ఉరిమినట్టు చప్పుడైంది. ఆవిడ గిరుక్కున వెనక్కి తిరిగారు. ఫోను ఆకాశాన్ని చూపించింది. రాజుగారికి మంచుగడ్డ విరిగి పడటం కనిపించలేదు గాని "అన్నయ్యా! అన్నయ్యా!" అని చిన్నపిల్లలా అరుస్తున్న భార్య గొంతు వినిపించింది. ఆ గొంతు ఆయన ఎన్నడూ వినలేదు. మళ్ళీ ఫోనులోకి వచ్చేసరికి ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి.

"చూశారాండీ?"

"విన్నాను," అన్నారు రాజుగారు. తర్వాత ఉండబట్టలేక అడిగారు. "ఇంతకీ చలి ఎలా ఉంది?"

"మన డిసెంబరే. సందీప్ చెప్పినట్టే." ఆవిడ ఫోను దగ్గరకి తెచ్చుకున్నారు. "ఏమండీ, రొయ్యపిల్లని అలవాటు చేసేముందు అది వెళ్ళే చెరువులో నీళ్ళు ఎలా ఉన్నాయో చూస్తారు కదా. మీరు చూశారా?"

రాజుగారు మంకీ క్యాపు చెవుల మీదకి ఇంకాస్త లాక్కున్నారు. బయట అప్పటికే నలభై డిగ్రీలు.